కట్టెలు చీరే జాకీ

ఆ ఇంట్లో నన్ను చెయ్యొద్దన్న పని ఒక్కటే ఉండేది. కట్టెలు కొట్టడం. మిగతావన్నీ నావే.

చీపురుపల్లి స్టేషను రోడ్డులో మాకు చిన్న భోజనాల హోటలు ఉండేది. అరవై ఏడు, అరవై ఎనిమిది నాటి మాట. ముందుగదిలో బల్లలు, గల్లాపెట్టె దగ్గర మా అత్త, వెనక వంటింట్లో నేను, ఆ వెనక పెరట్లో కర్రల పోగు దగ్గర మా బావ. బావంటే నా మొగుడే. మేనమామ కొడుకునే చేసుకున్నాను కాబట్టి పెళ్ళయినా పిలుపు మారలేదు. అత్త కూడా చిన్నప్పట్నుంచీ అత్తే. చేసేవాళ్ళం ముగ్గురం, తినేవాళ్ళు లెక్కలేనంత మంది. పొద్దున్న బండి దిగినవాళ్ళకి ఇడ్లీ, మధ్యాహ్నం భోజనం, సాయంత్రం మర్నాటికి పప్పు రుబ్బడం. సంతరోజునైతే పొయ్యి ఆరడమన్నది ఉండదు. ఇప్పుడు తల్చుకున్నా నాకు ఒళ్ళు పులిసినట్టుంటుంది.

మా అత్తోరింట ఆడది గొడ్డలి ఎత్తకూడదు. ఎత్తితే ఆ వేటు ఇంటి మగాడికి తగులుతుందని వాళ్ళ నమ్మకం. కత్తిపీట పట్టొచ్చు, కొడవలి పట్టొచ్చు, రోకలి నెత్తి దాకా ఎత్తి దంచొచ్చు. మొద్దులు బండి మీంచి దించొచ్చు, చీరిన పేళ్ళు మోసుకొచ్చి వంటింట్లో పేర్చొచ్చు, పొయ్యిలో పెట్టి కళ్ళు పోయేలా ఊదొచ్చు. గొడ్డలి వెయ్యకూడదు, అంతే. కాపరానికొచ్చిన కొత్తలో ఇది విని నవ్వుకున్నాను. పోనుపోనూ ఇంత మంచి ఆచారం ఇంకోటి లేదనిపించింది.

ఎందుకంటే మధ్యాహ్నం ఆఖరి విస్తరి ఎత్తేశాక బావ పెరట్లో గొడ్డలి అందుకునేవాడు. ఆ కాసేపూ నాకు పనుండదు. వంటింటి గుమ్మం పక్కన చాప వేసుకుని పడుకునేదాన్ని. బయట కర్ర మీద దెబ్బలు పడుతుంటే లోపల నాకు కన్ను మూతపడేది. రోజు మొత్తంలో నాది అని చెప్పుకోవడానికి ఆ కునుకొక్కటే ఉండేది. తిండి మానమన్నా మానేదాన్నేమో గానీ అది మానలేను.

ఆ ఏడు వానలకి ముందు చింతమొద్దు ఒకటి కొడుతూ కొడుతూ బావ అక్కడే చతికిలబడ్డాడు. చింతకర్ర అంత పెంకిది ఇంకోటి లేదు, నరం నరం పెనవేసుకుని ఉంటుంది. నడుం పట్టేసింది. పట్టుకుని లేపబోతే చిన్నపిల్లాడిలా కేక పెట్టాడు. విజయనగరం తీసుకెళ్తే డాక్టరు చూసి, గొడ్డలి మాట ఇక మర్చిపొమ్మన్నాడు. కొన్నాళ్ళేనా అని బావ అడిగితే, ముందు మర్చిపో, తర్వాత చూద్దాం అన్నాడు.

కొన్నాళ్ళు కట్టెల అడితీ నుంచి చీరిన కర్రే తెచ్చుకున్నాం. పైన ఎండినట్టుండేది, పొయ్యిలో పెడితే చివర్నించి నీరు కక్కేది. పొగకి నా కళ్ళు చింతనిప్పులయ్యాయి. ఇడ్లీ వేళకి ఉడక్క జనం విసుక్కుని వెళ్ళిపోయేవారు. ఒకరోజు ఉండబట్టలేక అన్నాను.

"అత్తా, కర్రలు కొట్టడానికి ఓ మనిషిని పెట్టుకుందాం. మద్దినేల వచ్చి కొట్టీసి ఎల్లిపోతాడు."

"పెరట్లోకి పరాయి మగోడేటే? నువ్వు తానమాడీది అక్కడే, నాను తానమాడీది అక్కడే. ఆడికి అన్నమెట్టాల, ఆడు కొట్టిందాకా కాపలా కాయాల. వద్దొలే" అంది.

స్నానం పొద్దున్న, కర్రలు మధ్యాహ్నం. ఈ రెండూ ఎక్కడ తగువు పడతాయో నాకు అర్థం కాలేదు. అదే మాట అంటే మూతి ముడుచుకుంది. నా మనసంతా ఆ వచ్చే మనిషి మీదే ఉంది. అతని మొహం కూడా ఊహించుకున్నాను. పెరట్లో అతను, చాప మీద నేను. ఇంకేం కావాలి నాకు?

ఈలోగా మా హోటల్లో భోంచేసే లారీ డ్రైవరొకడు బావ చెవిలో ఓ మాట వేశాడు. విజయనగరంలో ఓ షెడ్డు మేస్త్రీ లారీ జాకీతో కర్రలు చీరే మిషను చేశాడట, రొట్టెల భట్టీ వాళ్ళు వాడుతున్నారట, గొడ్డలితో పనే లేదట. అంతే, మంచం మీద పడుకున్న మనిషికి ప్రాణం లేచొచ్చింది. అన్నం కలుపుతున్నా ఆ మిషనే, ఆవలిస్తున్నా ఆ మిషనే. నడుం విరిగి మూల కూర్చున్నానని లోపల్లోపల ఎంత కుమిలిపోయాడో అప్పుడు తెలిసింది నాకు. జాలేసింది. సరే, చూసొద్దాం అన్నాను.

అమావాస్య నాడు హోటలు మూసి ముగ్గురం పాసింజరెక్కాం. అత్త ఎందుకంటే, అంత సరుకు కొంటుంటే పెద్దదిక్కు లేకుండా ఎలా అని.

షెడ్డులో రెండు రకాలున్నాయి. ఒకటి స్క్రూలా తిరిగే మర మిషను. పైన బండిచక్రమంత చక్రం, దాన్ని ఇద్దరు చెరో పక్కా పట్టుకుని తిప్పితే మర దిగి మేకు కర్రలోకి దిగుతుంది. రెండోది ఇనప చట్రం, నిలబెట్టిన గుమ్మంలా ఉంది. పైకమ్మీకి బలమైన మేకు మొన కిందికి చేసి అతికారు. కింద నూనె జాకీ. జాకీ నెత్తిన మొద్దు నిలబెట్టి పక్కనున్న కడ్డీ పైకీ కిందికీ నొక్కుతూ ఉంటే లోపలి నూనె ఒత్తిడికి మొద్దు పైకి లేచి వెళ్ళి మేకుకి గుచ్చుకుంటుంది. హైడ్రాలిక్ అంటారమ్మా దీన్ని అన్నాడు మేస్త్రీ. బావ ఆ మాట రెండుసార్లు నోట్లో చప్పరించాడు.

బావ నొక్కి చూడబోతే మేస్త్రీ అతని నడుం సంగతి విని వద్దన్నాడు. చుట్టూ చూసి, నాకేసి తిరిగి, "అప్పా, నువ్వోపాలి నొక్కు. సిన్నపిల్లకైనా లొంగుతాది" అన్నాడు.

నొక్కాను. అబద్ధం ఎందుకు, సంతోషమేసింది. బోరింగు కొట్టినంత తేలిక. మొద్దు మెల్లగా లేచింది, మేకుకి తగిలి మూలిగింది, ఇంకో నాలుగు నొక్కులకి పటుక్కున రెండయింది. బావని పడగొట్టిన జాతి చింతకర్రే అది. నా చేతుల కింద అలా విచ్చుకుంటే ఎవరికి గర్వముండదు? బావ చప్పట్లు కొట్టాడు.

అప్పుడు మా అత్త ముందుకొచ్చింది. మిషను చుట్టూ ఓసారి తిరిగి, మేకుని వేలితో తట్టి చూసింది.

"ఒరే మేస్త్రీ, ఇది కర్రని కొడతాదేటి?"

"కొట్టడమేటమ్మా? కింద నుంచి తోస్తాది. మేకు కదల్నే కదల్దు. కర్రే ఎల్లి గుచ్చుకుంటాది."

అత్త చాలాసేపు ఆలోచించింది. పంచాయతీలో తీర్పు చెప్పేవాళ్ళు కూడా అంతసేపు ఆలోచించరు. చివరికి తలూపింది. "అయితే తప్పు నేదు. ఎత్తీది నేదు, ఏసీది నేదు. ఒలే, నువ్వు నొక్కొచ్చు."

కడ్డీ నా చేతిలోనే ఉంది. నా కునుకు పోయిందని ఆ క్షణానే తెలిసిపోయింది. గబుక్కున కడ్డీ వదిలేసి మర మిషను దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను.

"బావా, ఇదే తీసుకుందాం. సూడు, ఎంత గట్టిగున్నాదో."

"దానికిద్దరు మగోళ్ళు కావాలే."

"కావాలంటే పెట్టుకుందాం. గట్టి సరుకు బావా."

"నీకేటి పిచ్చా?" అని నవ్వాడు. మేస్త్రీ నవ్వాడు. అత్త కూడా నవ్వింది. ఎడ్డెమంటే తెడ్డెమనే మనిషినని ముగ్గురూ తీర్మానించుకుని జాకీ మిషను లారీకెక్కించారు.

అది పెరట్లో దిగిన రోజు బావ దానికి పసుపు రాసి బొట్లు పెట్టాడు. మర్నాటి నుంచి ఆఖరి విస్తరి ఎత్తగానే నేను పెరట్లోకి. మొద్దు ఎత్తి జాకీ మీద నిలబెట్టాలి, ఓ చేత్తో పట్టుకుని రెండో చేత్తో నొక్కాలి, చీరాక కింద మర వదులు చేసి జాకీని కిందికి దించాలి, మళ్ళీ మొద్దు. సరుగుడు ఇట్టే చీరుకునేది. చింత మాత్రం మూలుగుతూ మూలుగుతూ నా ఓపికంతా తినేసేది. తేలికే, నిజమే. ఒక్క మొద్దుకి తేలికే. మొద్దులెన్నో ఎవరికీ పట్టలేదు. అరిచేతులు కాయలు కాశాయి. సాయంత్రం పప్పు రుబ్బుతూ పొత్రం మీదే తూగేదాన్ని. ఒకసారి అత్త చూసి, ఈ మధ్య మరీ మొద్దునిద్ర ఎక్కువైంది దీనికి అంది.

బావ ముందుగదిలో కూర్చుని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. "మా ఇంటిదానికి పని తేలికైపోనాది. నొక్కితే చాలు." కొందరు పెరట్లోకొచ్చి, నేను నొక్కుతుంటే చూసి మెచ్చుకుని వెళ్ళేవారు. పరాయి మగాళ్ళే వాళ్ళంతా. అత్తే వాళ్ళకి పెరటి దారి చూపించేది.

వరికోతల నాటికి బావ నడుం సర్దుకుంది. నీళ్ళబిందె ఎత్తుతున్నాడు, బియ్యం బస్తా జరుపుతున్నాడు. ఓ మధ్యాహ్నం అడిగాను, ఇంక గొడ్డలి తియ్యవా బావా అని.

"మిషనుండగా గొడ్డలేటికే?" అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. కానీ ఏమని దెబ్బలాడను? తిట్టారా, కొట్టారా? నా సుఖం కోసమే తెచ్చామని ఇద్దరూ మనస్ఫూర్తిగా నమ్ముతున్నారు. చెడ్డవాళ్ళతో అయితే పోట్లాడి గెలవొచ్చు. వీళ్ళతో ఎలా?

ఎండలు ముదిరాక ఓ రోజు జాకీ కింద నుంచి నూనె కారిపోయింది. ఎంత నొక్కినా లేవలేదు. బావ దాన్ని ఊడదీసి గోనెలో కట్టుకుని మొదటి బండికి విజయనగరం వెళ్ళాడు. మర్నాటి పొయ్యికి కర్ర లేదు. అత్త రోడ్డు మీదికెళ్ళి తనే ఓ మనిషిని పిలుచుకొచ్చింది. అతను పెరట్లో కొట్టి, పెట్టింది తిని, తన దారిన తను వెళ్ళిపోయాడు. స్నానాలకి ఏ ఇబ్బందీ రాలేదు. అతను కొడుతున్నంతసేపూ నేను చాప మీద ఒళ్ళు తెలియకుండా పడుకున్నాను. లేచేసరికి చెంప మీద చాప అచ్చు పడింది. అత్తే పోసిన టీ తాగాను. మర్నాడు కూడా అతను వచ్చాడు. ఇలాగే సాగిపోతుందని ఆశపడ్డాను.

ఆ రెండోరోజే, నేను అప్పుడే కన్ను మూశానో లేదో, బావ గుమ్మంలోకొచ్చి నిలబడ్డాడు. స్టేషను నుంచి ఎండలో నడిచొచ్చాడు. చొక్కా తడిసి ముద్దయింది. ఇనప జాకీ భుజానే ఉంది. బరువెత్తొద్దని డాక్టరు చెప్పిన నడుంతోనే మోసుకొచ్చాడు.

"రేపటికి గానీ అవదన్నాడు మేస్త్రీ. నాను కదిల్తే గదా! మా ఇంటిది అక్కడ కర్రలకి ఏటి అవస్త పడతన్నాదో అని కూకోబెట్టి సేయించినాను" అన్నాడు. ఆయాసపడుతూ నవ్వుతున్నాడు. "ఇంద, నీకింక బెంగ నేదు."

అంత ప్రేమగా అతను నన్ను ఎప్పుడూ చూడలేదు. నాకు నిద్ర కావాలి బావా అన్న మాట నాలుక చివరి దాకా వచ్చి ఆగిపోయింది. ఏడుపొచ్చింది. నా కోసం మోసుకొచ్చాడని ఏడుస్తున్నాననుకున్నాడు, తల నిమిరాడు. పెరట్లో మనిషికి, ఇంక రేపట్నుంచి రావద్దు అని కేకేసి చెప్పాడు. నేను లేచి చాప చుట్టేశాను.