ఏడవని మనిషి ఫొటో

క్రొయేషియా రాజధాని జాగ్రెబ్‌లో ట్రాములు ఆగే చోటల్లా మూడేళ్ళపాటు బారిత్సా ఫొటో వేలాడింది. కూలిన ఇటుకల మీద, పడుకునే గౌనుపైన చనిపోయిన భర్త కోటు కప్పుకుని, నోరు తెరిచి కూర్చుని ఉంటుంది అందులో. కింద "సర్వం పోయింది, ఆదుకోండి" అని రాశారు. చూసినవాళ్ళంతా అయ్యో, ఏడుస్తోంది పాపం అనుకున్నారు. నిజానికి భూకంపం వచ్చిన ఆ పొద్దున ఆమె పక్కింటి స్తోయాన్‌ని తిడుతోంది. గ్యాస్ బండ కట్టెయ్యకుండా పందిపిల్లల కోసం శిథిలాల్లోకి దూరుతున్నాడని.

బారిత్సా అంత తేలిగ్గా ఏడ్చే మనిషి కాదు. పెట్రిన్యా పట్నం అవతల కొండల్లో లిపొవాట్స్ ఆమె ఊరు. అగ్నిమాపక దళంవాళ్ళ హాలే ఆ ఊరి పెళ్ళిమండపం. అక్కడ పెళ్ళయినా, చావు భోజనమైనా పొయ్యి దగ్గర పెత్తనం బారిత్సాదే. ఆమె ఇంటితోపాటు ఆ హాలూ, దాని వంటగదీ కూలిపోయాయి. అప్పటినుంచి కంటైనర్ డబ్బాలో కాపురం. ఎండాకాలం పెనంలా కాలేది, చలికాలం గోడలు లోపలివైపు చెమ్మగిల్లేవి.

మూడో ఏడు ఆకులు రాలే రోజుల్లో ఆ ఫొటో పెట్టి చందాలు వసూలు చేసిన ఫౌండేషన్ నుంచి మిరెల అనే అమ్మాయి వచ్చింది. హాలు తిరిగి కట్టించడానికి కొత్తగా చందాలు పోగు చేస్తామంది. బారిత్సా సంతోషంగా కాఫీ పెట్టింది. పట్నంవాళ్ళు వస్తున్నారని జుట్టుకి రంగు వేసుకుని, ఎర్ర లిప్‌స్టిక్ పెట్టుకుంది ఆ రోజు.

కాఫీ తాగాక మిరెల సంచీలోంచి ఒక పాత కోటు, మాసిన గౌను తీసి బల్లమీద పెట్టింది.

"ఇవెవరివి?" అంది బారిత్సా.

"మీకే, ఆంటీ. మొదటి ఫొటో బాగా పనిచేసింది కదా. అలాంటిదే ఇంకోటి కావాలి. మీ స్థలంలో గడ్డి మొలిచేసింది కాబట్టి, స్తోయాన్ గారి ఇటుకల మీద కూర్చుందురుగాని. ఆ లిప్‌స్టిక్ మాత్రం కాస్త తుడిచేసుకోండి."

బారిత్సా చెవులు ఎర్రబడ్డాయి.

"మా ఆయన కోటు నేను సరదాకి వేసుకున్నానా? చలికి వేసుకున్నాను! నువ్వు తెచ్చినదెవరిది? ఏ మొగుడిది?"

"కోపం తెచ్చుకోకండి. ఇలా ముస్తాబైన మనిషిని చూసి ఎవరూ డబ్బులివ్వరు."

"అయితే ముస్తాబైన మనిషికి ఇల్లక్కర్లేదా? మూడేళ్ళయినా డబ్బాలోనే ఉన్నానని రాయి. అది చాలదూ జాలిపడడానికి? నా ఏడుపు కావాలా మీకు? ఆ పాత ఫొటో కూడా పీకెయ్యండి. నాది కాని ఏడుపు నా ముఖానికి అంటించి అమ్ముకున్నది చాలు!"

ఫొటో పీకేశారు. దాంతోపాటు లిపొవాట్స్ హాలును కూడా పక్కన పెట్టేశారు. చందాలు ఇంకో ఊరికి మళ్ళాయి.

స్తోయాన్ కంచె దగ్గరకొచ్చి అరిచాడు. "ఒక్క గంట ఆ గుడ్డలు కట్టుకుంటే నీ సొమ్మేం పోయేదక్కా? నీ పొగరు మా అందరి నోట్లో మట్టి కొట్టింది."

"నువ్వు కట్టుకో గౌను. నీ ఇటుకలే కదా!" అంది బారిత్సా. కానీ లోపలికెళ్ళాక కడిగిన కాఫీ కప్పులే మళ్ళీ కడిగింది. ఊరికి దక్కేదాన్ని తనే చెడగొట్టిందా? తల్చుకున్నకొద్దీ కోపం ఆగలేదు. ఎవరిమీదో తేల్చుకోలేని కోపం.

ఆ శీతాకాలం ఆమె దగ్గరి పట్నం సిసాక్ సంతలో పొయ్యి పెట్టింది. క్యాబేజీ ఆకుల్లో మాంసం చుట్టి, పెద్ద డేగిసాల్లో ఉడకబెట్టింది. "హాలు కట్టుకుంటున్నాం. జాలిపడి ఇస్తే తీసుకోను, తిని ఇవ్వండి," అని వచ్చినవాళ్ళకి చెప్పేది. కొందరు నవ్వి తిన్నారు, కొందరు ముఖం తిప్పుకుని పోయారు. స్తోయాన్ చాలాకాలం మాట్లాడలేదు. ఒకరోజు మాత్రం పొద్దున్నే వ్యాను తెచ్చి డేగిసాలు ఎక్కించాడు. రెండేళ్ళకి వంటగదికి కప్పు పడింది. హాలు మీద ఇంకా టార్పాలినే.

ఒకసారి జాగ్రెబ్ ఆస్పత్రికి వెళ్ళినప్పుడు ట్రాము ఆగేచోట కొత్త పోస్టరు కనిపించింది. ఎవరో ఆడమనిషి, మాసిన గౌను, ఇటుకలు. బారిత్సా ఒళ్ళు మండింది. వాకబు చేసి, ఆదివారం బస్సెక్కి ఆ మనిషి ఊరు వెళ్ళింది. అంకిత్సా ఆమె పేరు, తోటలో చెక్కలు పేరుస్తోంది.

"నీకూ సంచీ తెచ్చారా?" అని అడిగింది బారిత్సా, ఫలానా అని చెప్పుకుని.

అంకిత్సా తల దించుకోలేదు. "తెచ్చారక్కా. వేసుకున్నాను. ఏడవమంటే ఏడ్చాను కూడా. అదిగో చూడు, ఇంటికి కప్పు పడింది. నా కూతురు పసిబిడ్డతో డబ్బాలో దగ్గుతుంటే ఇంకేం చెయ్యను?"

తిట్టడానికి వచ్చిన బారిత్సా తలెత్తి ఆ కప్పు వైపు చూసింది. కొత్త దూలాల వాసన వేస్తోంది. లోపల బిడ్డ ఏడుస్తోంది.

"నిన్నేమీ అననమ్మా," అంది చివరికి. "తలమీద కప్పు కావాలంటే వేషం కట్టమన్నవాళ్ళని అడగాలి. రేపు నాతో జాగ్రెబ్ వస్తావా?"

"ఏమని అడుగుతాం?"

"నీ ఫొటో తీసెయ్యమని. ఇల్లు కట్టేశారుగా, ఇంకా నిన్ను రోడ్డు మీద ఎందుకు కూర్చోబెట్టారు అని."

ఇద్దరూ వెళ్ళారు. ఫౌండేషన్ ఆఫీసులో మిరెల మీటింగులో ఉందన్నారు. పర్వాలేదని బారిత్సా గుమ్మంలోనే కుర్చీ వేసుకుంది, వచ్చేపోయేవాళ్ళందరికీ వినపడేలా కథంతా చెప్పడం మొదలుపెట్టింది. చందా ఇవ్వడానికి వచ్చిన ఒక ముసలాయన టోపీ తీసి పక్కన నిలబడి విన్నాడు. సాయంత్రం దాటకుండానే మిరెల బయటికొచ్చి, తీయించేస్తానంది. పోస్టర్లు ఆ నెలలోనే దిగాయి.

వచ్చిన మార్పు అంతే. ఫౌండేషన్ తన పని మానలేదు. బారిత్సా ఇప్పటికీ డబ్బాలోనే ఉంది. ఆదివారాలు అంకిత్సా, కూతురి బిడ్డని కూతురికే వదిలి లిపొవాట్స్ వస్తుంది, వంటగదిలో మిరప్పొడి ఎంత వెయ్యాలో ఇద్దరూ దెబ్బలాడుకుంటారు.