కూజా మీద నొక్కాలని ఎవరికి తెలియదు?

ఆ రోజుల్లో వెబ్‌సైట్ అంటే ఏమిటో తెలిసినవాళ్ళు మస్కట్ మొత్తానికి కొద్దిమందే. దాన్ని ఎలా పాడుచెయ్యాలో మాత్రం కనబడిన ప్రతివాడికీ తెలుసు. తొంభైలు ముగింపుకొస్తున్న రోజులవి. ఇంటర్నెట్ టెలిఫోన్ తీగలోంచి వచ్చేది. వచ్చే ముందు మోడెమ్ గొంతులో ముల్లు గుచ్చుకున్నట్టు కీచుమని అరిచేది, అది నడుస్తున్నంతసేపూ ఆఫీసు ఫోను మూగబోయేది. (అందుకు కూడా నన్నే తిట్టేవారు.) ఒక బొమ్మ తెర మీదకి రావాలంటే పైనుంచి ఒక్కొక్క గీతే దిగుతూ దిగుతూ, చాయ్ చల్లారిపోయేసరికి సగానికొచ్చేది. అలాంటి కాలంలో నేను చేసిన ఒక పేజీకి జరిగిన అన్యాయం తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. మీరైనా నా పక్షం వహిస్తారని చెబుతున్నాను.

నేను కడప వైపు నుంచి వెళ్ళింది కంప్యూటర్ పనికి కాదు, బోర్డుల పనికి. మస్కట్‌లోని రూవీ పేటలో మా కంపెనీకి రోడ్డు వైపు ప్రింటింగ్ షాపు, వెనక రేకుల షెడ్డు. షాపుల బోర్డులకి స్టిక్కర్ కాగితంలోంచి అక్షరాలు బ్లేడుతో కోసి అతికించడం నా డ్యూటీ. వేసవిలో ఆ రేకుల కింద జిగురు దానంతటదే కరిగిపోయేది, దాంతోపాటు మేమూ. ముందుగదిలో ఏసీ ఉండేది, ఏసీ కింద కంప్యూటర్ ఉండేది, కంప్యూటర్ ముందు చక్రాల కుర్చీ ఉండేది. మధ్యాహ్నం అందరూ భోంచేసి పడుకున్నప్పుడు ఆ కుర్చీలో కూర్చుని, తప్పులు చేస్తూ, తిట్లు తింటూ, ఎలాగో పేజీలు కట్టడం నేర్చుకున్నాను. మా మేనేజరు హైదరాబాద్ పాతబస్తీ మనిషి. మేమంతా భాయ్‌సాబ్ అనేవాళ్ళం. ఆయన ఒకరోజు నన్ను పిలిచి, "మియా, గీ కుర్చీ నీకిస్తున్న. మొదటి గిరాకి ఖుష్ అయిండంటే కుర్చీ నీది. కాలేదనుకో, మళ్ళ బ్లేడు నీదే, షెడ్డు నీదే. నాతోని లొల్లి పెట్టొద్దు," అన్నాడు. ఏసీ గాలికి అలవాటు పడిన వీపుతో మళ్ళీ ఆ రేకుల కిందకి వెళ్ళడమంటే ఏమిటో, పడ్డవాడికి తెలుస్తుంది.

ఆ మొదటి గిరాకి సమాయిల్ అనే ఊళ్ళో తోటలున్న ఒక ఖర్జూరాల వ్యాపారి. అక్కడ యజమానిని అర్బాబ్ అంటారు కాబట్టి ఖర్జూరాల అర్బాబ్ అని పిలుచుకునేవాళ్ళం. వయసులో ఉండగా బొంబాయికి సరుకు పంపినవాడు కాబట్టి హిందీ నాకంటే ధాటిగా మాట్లాడేవాడు. ఆయన కోరిక ఒక్కటే. "నా మజ్లిస్‌లోకి వచ్చిన అతిథికి ఎలా ఉంటుందో, నా పేజీకి వచ్చినవాడికీ అలాగే ఉండాలి. మర్యాద కనబడాలి. ఆ తరవాత నా పళ్ళు కనబడాలి, వాడు ఫోన్ చెయ్యాలి." మజ్లిస్ అంటే అతిథుల్ని కూర్చోబెట్టే గది అని విన్నానే గాని, నేను అప్పటికి ఒక్కదాంట్లోనూ అడుగుపెట్టి ఎరగను. అయినా కుర్చీ మీద ఉన్నవాడు తెలియదనకూడదు కదా! "తప్పకుండా సార్," అన్నాను.

ఇక ప్రేరణ వేట మొదలైంది. భాయ్‌సాబ్ దృష్టిలో ప్రేరణ అంటే పక్కవాడి పేజీ చూసి దానికి రెండింతలు చెయ్యడం. నన్ను కూర్చోబెట్టి తనకి నచ్చినవన్నీ చూపించాడు. ఒకదాంట్లో అక్షరాలు రైలుబండిలా ఈ చివరినుంచి ఆ చివరికి పరుగెడుతున్నాయి. ఒకదాంట్లో భూగోళం గిర్రున తిరుగుతోంది. ఇంకోదాంట్లో టోపీ పెట్టుకున్న మనిషి పారతో మట్టి తవ్వుతున్నాడు, పేజీ ఇంకా తయారవుతోందని అర్థమట. "గీ మట్టి తవ్వెటోడు మస్తుగున్నడు మియా. మనదాంట్ల ఇద్దర్ని పెడదాం," అన్నాడు భాయ్‌సాబ్. ఖర్జూరాలు అమ్ముకునే పెద్దమనిషి గుమ్మంలో మట్టి తవ్వేవాళ్ళెందుకు? అడిగితే, "నీకు టేస్ట్ లేదు," అన్నాడు. నాకు! అక్షరానికీ అక్షరానికీ మధ్య ఎంత ఖాళీ వదలాలో బ్లేడు పట్టుకుని వేళ్ళు కోసుకుని నేర్చుకున్న నాకు!

నా ప్రేరణ నాకు రోడ్డు మీద దొరికింది. కంపెనీ బండి నడిపే ఆయన గోదావరి మనిషి, అందరికీ బాబాయ్. (మా వైపు చిన్నాయన అంటాం. అలా పిలిస్తే పలికేవాడు కాదు.) ఒక సాయంత్రం బోర్డు దింపి వస్తుంటే రౌండబౌట్ మధ్యలో కాఫీ కూజా కనిపించింది. అక్కడ చాలాచోట్ల అలా నిలబెడతారు, మనిషికంటే ఎత్తుగా, కొంగ ముక్కులాంటి మూతితో. రోజూ చూసేదే. కానీ ఆరోజు ఎండ వాలి దాని అంచు మెరుస్తోంది. "బాబాయ్, ఇంకొక్కసారి తిప్పు," అన్నాను. తిప్పాడు. మళ్ళీ తిప్పమన్నాను. "ఒరేయ్ అబ్బాయ్, పోలీసాయన మన బండినే చూత్తన్నాడు. నీ బొమ్మ మాట దేవుడెరుగు, నా లైసెన్సు పోద్దిరా," అంటూ మూడో చుట్టు తిప్పకుండా బయటికి లాగేశాడు. అప్పటికే నా పేజీ నా బుర్రలో అచ్చయిపోయింది.

నల్లటి తెర. మధ్యలో ఇత్తడి కూజా. ఇంకేమీ లేదు. ఒక్క అక్షరం లేదు. కూజా మీద మౌస్ పెట్టి నొక్కితే లోపలి పేజీ తెరుచుకుంటుంది. అక్కడ పళ్ళ రకాలూ, ఫోటోలూ, ఫోన్ నంబరూ అన్నీ పొందికగా సర్దాను. ఆ కూజా మూతి వంపు కుదిరేదాకా నేను తిండి సరిగ్గా తినలేదంటే నమ్మండి. భాయ్‌సాబ్ చూశాడు. గీత తరవాత గీతగా కూజా పూర్తిగా దిగేదాకా ఓపిగ్గా చూసి, "అచ్ఛా. తర్వాత?" అన్నాడు. "కూజా మీద నొక్కాలన్నా," అన్నాను. "గా ముచ్చట కింద రాయి మరి. ఇక్కడ నొక్కండి అని ఎర్రగ, పెద్దగ రాయి." నాకు చిర్రెత్తుకొచ్చింది. "తలుపు మీద తలుపు అని రాస్తామాన్నా? ఇంత అందంగా కూజా పెడితే దానిమీద నొక్కాలని ఎవరికైనా తెలుస్తాది," అన్నాను. ఆయన భుజాలెగరేశాడు. "కుర్చీ నీది మియా, నీ ఇష్టం," అన్నాడు. ఆ మాటలో బెదిరింపు ఉందని నాకు తరవాత తెలిసింది.

పేజీ ఎక్కించాం. కొన్నాళ్ళకి అర్బాబ్ ఫోన్ చేశాడు. "మాషా అల్లాహ్, కూజా చాలా బాగుంది. మా అన్నదమ్ములందరం కూర్చుని చూశాం. దుబాయ్‌లో మా బావమరిదీ చూశాడు. అందరూ మెచ్చుకున్నారు. కానీ నా ఖర్జూరాలేవీ? నేను కూజాలు అమ్ముతానా అని అడుగుతున్నారే!" నాకు మతిపోయింది. ఇంతమంది పెద్దమనుషులు గంటలకొద్దీ ఆ తెర ముందు కూర్చుని చూసి చూసి, ఒక్కరంటే ఒక్కరు వేలు కదపలేదా! "కూజా మీద నొక్కాలి సార్. అది అందరికీ తెలిసే విషయమే కదా," అన్నాను. నా గొంతులో విసుగు వినబడే ఉంటుంది. అర్బాబ్ ఎంతో మర్యాదగా, "గురువారం మా ఇంటికి రా. కూర్చుని మాట్లాడుకుందాం," అన్నాడు. పక్కనుంచి అంతా వింటున్న భాయ్‌సాబ్ బ్లేడు ఎక్కడుందో చూసుకొమ్మన్నాడు.

గురువారం నేనూ బాబాయీ సమాయిల్ వెళ్ళాం. దారి పొడుగునా నేను ఆవేశంతో ఊగిపోతూనే ఉన్నాను. అందం తెలియని లోకంలో పుట్టడం నా తప్పా? తలుపు నెట్టి చూడాలన్న కుతూహలం కూడా మనుషుల్లో చచ్చిపోయిందా? బాబాయ్ అన్నిటికీ "ఆయ్, నిజమేరా" అంటూ ఏసీ పెంచుతూ పోయాడు.

మజ్లిస్ బాగా పెద్దది. చెప్పులు బయట విడిచి తివాచీ మీద గోడవారగా కూర్చున్నాం. ఖర్జూరాల పళ్ళెం వచ్చింది. అర్బాబ్ తమ్ముడు ఎడమచేత్తో కూజా, కుడిచేత్తో పిడిలేని చిన్న కప్పులూ పట్టుకుని వచ్చాడు. సాక్షాత్తూ నా బొమ్మలోని కూజాయే! కప్పు అడుగున ఇంత కాఫీ పోసి నాకిచ్చాడు. పాలు లేవు, చక్కెర లేదు, యాలకుల ఘాటు, చేదు. తాగాను. మళ్ళీ పోశాడు. తాగాను. మళ్ళీ పోశాడు. అర్బాబ్ అప్పటికే మాట మొదలుపెట్టాడు. కాలం గురించి, వానల గురించి, తోటల గురించి. పేజీ మాట ఎత్తడే! పెద్దాయన మాట్లాడుతుంటే మధ్యలో చాలు అనడం మర్యాద కాదు. పోసింది వదిలెయ్యడం అంతకంటే మర్యాద కాదు. తాగకుండా పట్టుకుని కూర్చుందామా అంటే, ఆ తమ్ముడు కూజాతో నా ముందే నిలబడి నా కప్పు వైపే చూస్తున్నాడు. పాపం, నిలబెట్టామే అని గబగబా తాగేస్తాను. ఖాళీ అయింది కదా అని ఆయన మళ్ళీ పోస్తాడు. విస్తరి మీద చెయ్యి అడ్డం పెడితే చాలని మన మర్యాద కదా, ఒకసారి కప్పు మీద చెయ్యి అడ్డం పెట్టాను. ఆయన చిరునవ్వుతో నా చెయ్యి తీసేదాకా ఆగి, పోశాడు. ఆయన కాళ్ళు మార్చి మార్చి నిలబడుతున్నాడు, నాకు చెమటలు పోస్తున్నాయి. బాబాయ్ మాత్రం తన కప్పు ఎప్పుడో ఇచ్చేసి హాయిగా ఖర్జూరం గింజలు ఊస్తున్నాడు. ఆయనకెందుకు పొయ్యరు? ఆయన మర్యాదస్థుడు కాడనా?

చివరికి కడుపులో చోటు లేక, మర్యాద మంటగలిసినా సరే అని, అర్బాబ్ మాటకి అడ్డం వచ్చి, "సార్, ఇంక నావల్ల కాదు!" అని అరిచేశాను.

అర్బాబ్ పగలబడి నవ్వాడు. తమ్ముడు కూజా కింద పెట్టి "అల్‌హమ్దులిల్లా" అని దేవుణ్ణి తలుచుకుంటూ గోడకి చేరగిలబడ్డాడు. "చాలనుకుంటే కప్పు ఇలా ఊపి ఇవ్వాలి నాయనా," అని అర్బాబ్ తన ఖాళీ కప్పుని వేళ్ళ మధ్య అటూ ఇటూ ఆడించి చూపించాడు. నేను బాబాయ్ వైపు తిరిగాను. కోపంలో నా భాష నాకొచ్చేసింది. "ముందే చెప్పకూడదా బాబాయ్? కడుపు పగిలిపోతాంది నాకు!" "ఇట్టంగా తాగుతున్నావు కదా అనుకున్నానురా. కప్పు మీద కప్పు లాగించేత్తంటే నేనెందుకు ఆపుతాను?" అన్నాడాయన. నాకు ఎక్కడలేని రోషం వచ్చింది. అర్బాబ్‌తో హిందీలోనే అనేశాను. "ఊపాలని ఎవరైనా చెబితేనే కదా సార్ తెలిసేది! కప్పు మీద రాసుందా?"

ఆయన నవ్వు ఆపాడు. నా వైపు చూశాడు, కింద ఉన్న కూజా వైపు చూశాడు. ఎంతో మర్యాదగా, ఫోన్‌లో నేను చూపించిన విసుగుని తెచ్చిపెట్టుకుని అన్నాడు:

"అది అందరికీ తెలిసే విషయమే కదా."

బాబాయ్ తుమ్ము వచ్చినట్టు మొహం పక్కకి తిప్పుకున్నాడు. నేను తాగిన కాఫీ అంతా ఒక్కసారిగా తలకెక్కినట్టయింది.

పేజీ గురించి ఆ తరవాత మేం మాట్లాడుకున్నది కొంచెమే. కూజా ఉండాల్సిందే అన్నాడు అర్బాబ్, ఎర్రక్షరాలు వద్దే వద్దన్నాడు. "నువ్వు గుమ్మంలోకి వచ్చినప్పుడు నేనేమన్నాను?" అని అడిగాడు. "తఫద్దల్ అన్నారు సార్." లోపలికి దయచెయ్యమని ఆ దేశంలో ప్రతి ఇంటి ముందూ వినబడే మాట అది. "మరి నీ గుమ్మంలో ఆ మాట ఏదీ?" అన్నాడు. తిరిగి వెళ్ళి కూజా కింద ఆ ఒక్క మాటనీ అరబీలో, ఇత్తడి రంగులో, చిన్నగా, అందంగా రాశాను. జనం లోపలికి వెళ్ళారు. అర్బాబ్‌కి ఫోన్లు వచ్చాయి, ఆ సంగతి చెబుతూ ఆయన ఫోనూ మాకొచ్చింది, మోడెమ్ ఆపినప్పుడు. కుర్చీ నాకే మిగిలింది. భాయ్‌సాబ్ మాత్రం, "నేనప్పుడే చెప్పిన గద, రాయమని," అంటూ చాలాకాలం తిరిగాడు. అది ఆయన చెప్పిందెలా అవుతుంది? ఆయన చెప్పింది ఎర్రగా, పెద్దగా! అసలు సంగతి చెబుతాను వినండి. ఆ మాట వల్ల కూజా కింద ఖాళీ కొంచెం తగ్గి, బొమ్మ రవ్వంత పైకి జరిగినట్టు కనిపించేది. ఈ ముక్క నేను తప్ప ఎవరూ గమనించలేదు, అదే నా బాధ.

ఇప్పుడు కడపలో ఉంటున్నాను. ఫోన్లలో అన్నీ అక్షరాల్లేని బొమ్మలే. ఎక్కడ నొక్కాలో తెలియక నేను రుసరుసలాడుతుంటే మా అమ్మాయి, "అందరికీ తెలుసు నాన్నా," అంటుంది. ఆ మాట వినగానే నోట్లోకి యాలకుల చేదు వస్తుంది. ఒక అలవాటు మాత్రం పోలేదు. కాఫీ చాలనిపిస్తే నాకు తెలియకుండానే ఖాళీ గ్లాసు వేళ్ళ మధ్య ఊపుతాను. మొన్న కూడా ఊపాను. మా ఆవిడ వచ్చి మారుమాట లేకుండా మళ్ళీ నిండా పోసింది. ఇన్నేళ్ళ కాపురం! నాకు కోపం ఆగలేదు. "ఊపితే చాలని గదా అర్థం! ఇన్నేండ్లుగా పోస్తానే ఉంటివే?" అన్నాను. ఆమె గిన్నె చేత్తో పట్టుకుని నన్ను ఎగాదిగా చూసింది. "ఊపితే ఇంకా పొయ్యమనేమో అనుకుంటి. నువ్వు చెప్పకపోతే నాకెట్ల తెలుస్తాది?" అంది.

తాగాను. ఈసారి గ్లాసు ఊపకుండా, జాగ్రత్తగా కింద పెట్టాను.