ఊసరవెల్లికి పెట్టిన లైటు

ఇరవై ఎనిమిదేళ్లుగా దీన్ని మోస్తున్నాను. తలమీద మూట అయితే ఎక్కడో ఒకచోట దించి, కొంగుతో మెడ తుడుచుకోవచ్చు. దీన్ని దించే చోటు నాకు దొరకలేదు. అన్నం తినేటప్పుడు ఉంది, బోర్డు మీద రాసేటప్పుడు ఉంది, రిటైరైన రోజు శాలువా కప్పినప్పుడు మరీ ఉంది. ఆ రోజు ఒక పాత విద్యార్థి మైకు తీసుకుని, మా మేడం మాలో మూఢనమ్మకాలు లేకుండా చేశారు అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను తల దించుకుంటే వినయం అనుకున్నారు.

మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే నాకు కావాలి. మేం బాప్టిస్టులం. మాలో పాస్టరుగారి చెవిలో పాపం చెప్పుకునే పద్ధతి లేదు, ఎవరిది వాళ్లు దేవుడితోనే చెప్పుకోవాలి. నెలకోసారి ప్రభు భోజనానికి ముందు, ఎవరి మనసు వాళ్లు చూసుకోండి అని పాస్టరుగారు రెండు నిమిషాలు మౌనంగా ఉండమంటారు. ఆ రెండు నిమిషాల్లోనూ నాకు కనిపించేది లేత నీలం వెలుగు ఒక్కటే. దేవుడికి ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. ఆయనకు ముందే తెలుసు గనక, ఎంత చెప్పినా చెప్పినట్టు ఉండేది కాదు. తెలియనివాళ్లకు చెప్పాలి. అందుకే మీకు చెబుతున్నాను.

తొంభైల మధ్యలో నేను ఉదయగిరిలో ఒక హైస్కూల్లో సైన్సు టీచర్ని. ఉద్యోగంలో చేరి ఏడాదిన్నర. ఇంకా ప్రొబేషన్లోనే ఉన్నాను. అందరికంటే బాగా చెప్పాలని, బాగా చెబుతానని పేరు రావాలని ఒకటే ఆరాటం. ఆ రెండింట్లో ఏది ఎక్కువ అని ఇప్పుడు అడిగితే, పేరే ఎక్కువ అని ఒప్పుకుంటాను.

స్కూల్లో మొక్కలకు నీళ్లు పోసే మనిషి చెంచయ్య. అరవై దగ్గర వయసు. చెరువు కట్ట కింద కాలనీలో ఉండేవాడు. కొండెక్కి మూలికలు తెచ్చేవాడు, చెరువులో చేపలు పట్టేవాడు. ఆయన మనవరాలు రవణమ్మ మా దగ్గర ఏడో తరగతి. వాళ్ల కాలనీ నుంచి మా స్కూలుకు వచ్చిన మొదటి ఆడపిల్ల. ఆ పిల్లను చేర్పించమని వాళ్ల గుడిసె దాకా వెళ్లి చెప్పింది నేనే. గొప్పకు రాయడం లేదు ఈ మాట. తర్వాత జరిగింది వింటే మీకే తెలుస్తుంది.

ఆ ఏడు ఆత్మకూరులో సైన్సు ఎగ్జిబిషన్ పెట్టారు. రంగులు మార్చే ఊసరవెల్లిని, బతికున్నదాన్నే చూపిద్దామని నాకు బుద్ధి పుట్టింది. చెంచయ్యకు చెబితే మూడో రోజు దుర్గం కొండ కింద రేగుపొదలోంచి ఒకదాన్ని పుల్ల మీద ఎక్కించుకుని తెచ్చాడు. చేత్తో పట్టుకోలేదు, బెదరగొట్టలేదు. అది ఊగుతూ ఊగుతూ, ఒక కన్ను ముందుకీ ఒక కన్ను వెనక్కీ తిప్పుకుంటూ వచ్చింది. పిల్లలు కెవ్వుమన్నారు. మా పిల్లలకు ఊసరవెల్లి కనబడితే రాయి తీసుకోవడమే తెలుసు. అది నాలుక చాపి విషం చిమ్ముతుందనీ, కంట్లో పడితే చూపు పోతుందనీ ఇళ్లల్లో చెప్పేవాళ్లు. నేను చేయి చాపాను. అది నా మణికట్టు మీద నుంచి మోచేతి దాకా నింపాదిగా పాకింది. విషం లేదు ఏమీ లేదు, చూసుకోండి అన్నాను. కాసేపటికి ఒక్కొక్కరే చేతులు చాపారు. నా ఉద్యోగం మొత్తం మీద అంత మంచి పాఠం నేను మళ్లీ చెప్పలేదు. కిటికీ బయట చెంచయ్య బకెట్టు పట్టుకుని చూస్తున్నాడు.

లాబులో ఒక చెక్కపెట్టెలో కొమ్మలు నాటి దాన్ని ఉంచాం. పైన గాజు పలక మూత. మిడతల్ని చెంచయ్యే తెచ్చేవాడు. మొదట్లో బాగా తినింది. తర్వాత ముసురు పట్టింది. వారం దాటినా ఎండ పొడ లేదు. ఊసరవెల్లి డీలా పడింది. నాలుక చాపినా మిడత దాకా అందేది కాదు. ఇలాంటి జీవాల్ని ఇంట్లో పెంచితే ఎండలో ఉండే అతినీలలోహిత కిరణాలు వాటికి అందాలనీ, అందకపోతే ఎముకలు మెత్తబడిపోతాయనీ, విదేశాల్లో అందుకోసం వేరే ట్యూబులైట్లు దొరుకుతాయనీ ఒక పత్రికలో చదివాను. చెంచయ్య పత్రికేమీ చదవలేదు. దానికి ఎండ కావాలమ్మా, వాన వెలియగానే గోరింట చెట్టు మీద కూర్చోబెట్టి నేను కాపలా ఉంటాను అని ముసురు పట్టిన రెండో రోజే అన్నాడు. ఇద్దరం చెప్పింది ఒకటే. కానీ చెట్టు మీద పెడితే అది పారిపోతుందేమోనని నా భయం. ఎగ్జిబిషన్‌కు ఇంక పది రోజులే ఉంది.

లైటు కోసం ఆత్మకూరు వెళ్లాను. అరవై క్యాండిల్ బల్బు పెడితే వెచ్చదనమే గానీ ఆ కిరణాలు ఉండవు. మామూలు ట్యూబులో ఉండేది వెలుతురే. ఎలక్ట్రికల్ షాపతను, ఆర్కెస్ట్రావాళ్లు స్టేజీ మీద తెల్ల చొక్కాలు మెరవడానికి పెట్టే ఊదా లైటు తీసి, అల్ట్రావయొలెట్ అంటే ఇదేనమ్మా అన్నాడు. దాంట్లో ఏం పస ఉంటుందిలే అనిపించింది. అప్పుడు మా పెద్దమ్మ కొడుకు గుర్తొచ్చాడు. అక్కడే ఒక ఆసుపత్రిలో ఆపరేషన్ థియేటర్ చూసుకునేవాడు. థియేటర్లో క్రిములు చావడానికి వెలిగించే ట్యూబు ఒకటి ఉంటుంది, అది అచ్చం అతినీలలోహితమే. అడిగితే ఒకటిన్నర అడుగుల ట్యూబు ఇచ్చాడు. ఇది వెలిగేటప్పుడు మేమెవరం గదిలో ఉండం అక్కా అని కూడా చెప్పాడు. అట్టపెట్టె మీద ఇంగ్లీషులో, కళ్లకూ చర్మానికీ హాని అని ఉంది. చదివాను. చదవలేదని చెప్పుకోవడానికి నాకు వీల్లేదు. రోజంతా ఎండలో బతికే జంతువుకు ఇదొక లెక్కా, పిల్లలు చూసేది కాసేపే గదా అనుకున్నాను. ఆ కిరణాల్లో మూడు రకాలున్నాయనీ, ఊసరవెల్లికి కావలసింది నడిమి రకమనీ, నేను తెచ్చింది ఆకాశం కిందికి రానివ్వకుండా పైనే ఆపేసే మూడో రకమనీ చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. తెలియక చేసింది తప్పెలా అవుతుంది అంటారేమో. కాకపోవచ్చు. నేను ఒప్పుకోవలసింది అది కాదు.

ఒక్క సంగతి మాత్రం నాకు అప్పుడే తెలుసు. గాజు ఆ కిరణాల్ని ఆపేస్తుంది. అందుకని పెట్టె మీది గాజు పలక తీసేసి దోమల జాలీ కొట్టించాను. దానిపైన గోడకు ట్యూబు బిగించాను. స్విచ్చి వేస్తే లేత నీలంగా వెలిగింది. ఎంత తెలివిగా ఆలోచించానో అని నన్ను నేనే మెచ్చుకున్నాను.

మర్నాడు సాయంత్రం, ఎగ్జిబిషన్లో మాట్లాడవలసిన ఆరుగురు పిల్లల్ని పెట్టె చుట్టూ నిలబెట్టి, ఆ లైటు వెలుగులోనే గంటసేపు ప్రాక్టీసు చేయించాను. రవణమ్మ అందరికంటే దగ్గరగా నిలబడింది. వాళ్ల తాత తెచ్చిన జీవం గదా.

పొద్దున్నే కుళాయి దగ్గర తెలిసింది. ఆరుగురికీ కళ్లు వాచిపోయాయి. ఇసుక పోసినట్టు మంట, రెప్ప తెరవలేక ఏడుపులు. నా కళ్లకు ఏమీ కాలేదు. ఇంట్లోకి వచ్చి అద్దంలో చూసుకున్నాను. బుగ్గలు, ముక్కు, నుదురు ఎండకు కమిలినట్టు ఎర్రగా ఉన్నాయి. కళ్లద్దాలు ఉన్న మేర మాత్రం చర్మం మామూలుగా ఉంది. నాకు ఇంకెవరూ చెప్పనక్కర్లేకపోయింది. గాజు ఆపేసింది. నన్ను కాపాడిన గాజును పిల్లల ముందు నుంచి నా చేత్తో నేనే తీసేశాను.

నేను అప్పుడు ఏం చేశానంటారు? ముఖానికి పౌడరు రాసుకున్నాను. మామూలు కంటే మందంగా. అందరికంటే ముందు స్కూలుకు వెళ్లి లాబు తెరిచాను. ఊసరవెల్లి పెట్టె అడుగున నల్లబడి, కళ్లు మూసుకుని చచ్చిపోయి ఉంది. దాని వంక రెండోసారి చూడలేదు. ట్యూబు ఊడదీసి పేపర్లో చుట్టి బీరువా వెనక దాచాను. దాని చోట స్టోరు రూములో ఉన్న మామూలు చిన్న ట్యూబు బిగించాను. చేతులు వణకలేదు. అదే ఇప్పటికీ నన్ను భయపెడుతుంది.

తొమ్మిదికల్లా తల్లిదండ్రులు వచ్చారు. ఎవరో లైటు సంగతి ఎత్తారు. హెడ్మాస్టరుగారు లాబుకు వచ్చి స్విచ్చి వేస్తే మామూలు ట్యూబు వెలిగింది. పైగా టీచరమ్మ కూడా అక్కడే నిలబడింది గదా, లైటయితే ఆమె కళ్లు పోవా అన్నారు. అంతే, అందరూ చెంచయ్య మీదికి తిరిగారు. విషప్పురుగును తెచ్చి బడిలో పెట్టినాడని. ఆయన్ని హెడ్మాస్టరు గదికి పిలిపించారు. పాపం, మనవరాలి కళ్లల్లో మేకపాలు పోసి అప్పుడే వచ్చాడు. తువ్వాలు రెండు చేతుల్లో పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాడు.

"మేడం, సైన్సు మీది. మీరు చెప్పండి. దీనికి విషం ఉండాదా, లేదా?" అన్నారు హెడ్మాస్టరు.

"అన్నిటికీ ఉండదు సార్. కొన్ని జాతుల్లో ఉంటుందేమో. ఖచ్చితంగా చెప్పలేం."

చెంచయ్య నా వైపు చూశాడు. కోపం లేదు. అయోమయంగా చూశాడు.

"అమ్మా, మీరే గదా పిల్లకాయలకి చెప్పినారు, దానికి ఇసం లేదని. మీ చేతి మీద ఎక్కించుకున్నారు గదా. నేను కిటికీలోంచి చూసినాను."

"అప్పుడు అట్లా అనుకున్నాను చెంచయ్యా. ఇది వేరే రకమేమో."

ఆయన తువ్వాలు మడత పెట్టుకుని, "సరేలేమ్మా. చదువుకున్నోళ్లు మీరు" అన్నాడు.

ఆ మాటలో ఎత్తిపొడుపు ఉందా అని ఎన్ని ఏళ్లు వెతికానో. ఉంటే నాకు కాస్త బాగుండేది. లేదు. ఆయన నిజంగానే తన కళ్లతో చూసినదాన్ని పక్కన పెట్టి, నా మాట పట్టుకోవడానికి ప్రయత్నించాడు.

రేపటి నుంచి రావద్దన్నారు. గేటు దగ్గర ఇద్దరు తండ్రులు ఆయన్ని తోశారు. పడి లేచి, తువ్వాలు దులుపుకుని వెళ్లిపోయాడు. నేను వరండాలో స్తంభం పక్కన నిలబడి చూశాను. మూడు రోజుల్లో పిల్లల కళ్లు బాగయ్యాయి. ఐదుగురు బడికి వచ్చారు, రవణమ్మ రాలేదు. చేర్పించమని చెప్పడానికి ఆ గుడిసె దాకా వెళ్లినదాన్ని, మళ్లీ పంపమని చెప్పడానికి వెళ్లలేదు. నెల తిరక్కుండా వాళ్లు సోమశిల వైపు చేపల పనికి వెళ్లిపోయారని విన్నాను. విని ఊపిరి పీల్చుకున్నాను. అవును, హాయిగానే అనిపించింది. ఇది కూడా రాయకపోతే ఒప్పుకున్నట్టు కాదు.

భయపడ్డాను అని చెప్పుకోవచ్చు. సస్పెండు చేస్తారని, ప్రొబేషన్ ఆగిపోతుందని. నిజమే. కానీ ప్రొబేషన్ అయిపోయిన తర్వాత భయం ఏముంది? ఆత్మకూరుకు బదిలీ అయిన తర్వాత? పెద్ద టీచరునయ్యాక, నా మాటకు ఎదురు చెప్పేవాళ్లు లేనప్పుడు? ఎప్పటికప్పుడు ఇంకో కారణం దొరికింది. అంతకంటే పెద్ద సంగతి ఇంకోటి ఉంది. విషం లేదని ఆ పిల్లలకు నేర్పినదాన్ని నేనే. ఆ ఊళ్లో ఒక టీచరే విషం ఉందేమో అన్న తర్వాత, ఇంక ఎన్ని ఊసరవెల్లుల మీద రాళ్లు పడి ఉంటాయో.

పోయిన ఏడాది ఆత్మకూరు చేపల మార్కెట్లో ఒకామె నన్ను టీచరమ్మా అని పిలిచింది. రవణమ్మ. నేను గుర్తుపట్టలేదు, ఆమె గుర్తుపట్టింది. జెల్లలు తూచి, శుభ్రం చేసి ఇస్తూ తన సంగతులన్నీ చెప్పింది. తాత పోయి చాలా ఏళ్లయిందట. "మా తాతకి అదే రంధి టీచరమ్మా. సచ్చేదాకా చెప్తానే ఉన్నాడు, దానికి ఇసం లేదు, నేను పిల్లకాయలకి చెడు చెయ్యలేదు అని. మేమే నమ్మలా. టీచరమ్మే చెప్పింది గదా, ఊరుకో అనేది మా అవ్వ" అని నవ్వింది.

అప్పుడన్నా చెప్పానా? చేపల సంచి తీసుకుని, బాగున్నావా తల్లీ అని వచ్చేశాను. సొంత ఇంట్లో, సొంత మనుషుల మధ్య, నిజం చెబుతూ ఉండి అబద్ధాలకోరుగా పోయాడు ఆయన. ఆ చేపలు వండలేకపోయాను.

అందుకని ఆ రోజు హెడ్మాస్టరు గదిలో అడిగిన ప్రశ్నకు ఇప్పుడు జవాబు రాస్తున్నాను. ఊసరవెల్లికి విషం లేదు. ఏ రకానికీ లేదు. పిల్లల కళ్లు కాల్చింది నేను తెచ్చిన ట్యూబు. దాన్ని మార్చి దాచింది నేను. చెంచయ్య చెప్పిందే నిజం.

రాసేశాను. గుండె తేలికైందని చెప్పను, చెయ్యి మాత్రం ఆగకుండా రాసింది. క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు, ఆ పని మీది కాదు. నా పేరు రాయలేదు. ఇంత దూరం వచ్చీ అంత పిరికితనం మిగిలింది నాలో. అయినా పేరు లేకపోయినా గుర్తుపట్టే మనిషి ఒకామె ఉంది. ఏడో తరగతిలో సగం దాకా చదువుకుంది, తెలుగు చదవడం వచ్చు. అందుకే అక్షరాలు పెద్దవిగా, విడివిడిగా రాశాను.