నిండుగా తిరిగి వెళ్ళిన బుట్టలు

రెండువేల మూడో సంవత్సరం వేసవిలో, సెలవు మీద విజయవాడ వచ్చి నెలైనా తిరక్కుండానే మద్రాసు ఏజెంటు దగ్గర్నుంచి కబురొచ్చింది. పసిఫిక్ మహాసముద్రంలో పాలినీషియా దీవుల మధ్య తిరిగే ఒక చిన్న ఓడలో యాక్టింగ్ హోటల్ మేనేజరుగా చేరాలి. తాహితి వెళ్ళి అక్కడ ఓడ ఎక్కాలి. ‘యాక్టింగ్’, అంటే ఇంకా ఖాయం కాని, అన్న మాట కాగితం మీద చిన్నదే. నా కళ్ళకు మాత్రం అదొక్కటే కనపడింది.

ఓడలో హోటలేమిటని ఇప్పటికీ అడుగుతుంటారు. ప్రయాణికుల ఓడలో నడిపేవాళ్ళు ఒక జట్టు, ఇంజను చూసేవాళ్ళు ఒక జట్టు, తిండీ పడకా చూసేవాళ్ళు ఒక జట్టు. ఆ మూడో జట్టుకు పెద్ద హోటల్ మేనేజరు. వంటగది, గదులు, చాకిరేవు అన్నీ ఆయన కిందే. ఆయన జవాబు చెప్పాల్సింది కెప్టెన్ ఒక్కడికే. నేను అంతవరకూ ప్రొవిజన్ మాస్టర్ని, అంటే సరుకుల గదికి అధిపతిని. మాది కూచిపూడి పక్క పల్లె. ఆ మాట అనడం ఆలస్యం, “డాన్సు వచ్చా అండీ?” అంటారు. రాదు మహాప్రభో! నాకు గజ్జె కట్టడం రాదు, గరిటె పట్టడం వచ్చు.

ప్రొవిజన్ మాస్టరుకు పది నెలలు ఓడ, రెండు నెలలు ఇల్లు. హోటల్ మేనేజరుకు నాలుగు నెలలు ఓడ, రెండు నెలలు ఇల్లు. ఈ తేడా నాకంటే మా ఆవిడ సుగుణకు బాగా తెలుసు. ఆవిడ సత్యనారాయణపురంలో ఒక స్కూల్లో లెక్కల టీచరు. కబురు విని ఆవిడ అన్నది ఒకే మాట: “ఏవండీ, ఆ యాక్టింగో గీక్టింగో తీయించుకునే రండి. ఫొటోతో కాపురం చెయ్యడం ఇంక నా వల్ల కాదు.” వేళాకోళంగానే అంది గాని, అన్నాక వంటింట్లోకి వెళ్ళిపోయింది.

బయల్దేరే రోజు పొద్దున్నే పక్కింటి పిన్నిగారు స్టీలు గిన్నె నిండా పులిహోర పంపారు. నాకు రైలుకు టైమవుతోంది, ఆటో గుమ్మంలో ఉంది. సుగుణ గిన్నె కడిగి, తుడిచి, ఏదో వేసి ఇచ్చి రమ్మంది. అయ్యో, టైము లేదే, గిన్నె ఇలా ఇచ్చేసి పోతానన్నాను. “ఖాళీ గిన్నె పంపితే ఇంకేమైనా ఉందా! ఆవిడేమనుకుంటారు?” అని గదిమింది. ఇందులో కొత్తేముంది, మా అమ్మా అంతే. ఒకరింటి గిన్నె మనింటికి వస్తే ఉత్తిదిగా తిరిగి వెళ్ళకూడదు. ఆ గిన్నెలో ఏముందో కూడా చూడకుండా పిన్నిగారి చేతికిచ్చి ఆటో ఎక్కాను.

ఓడ నిజంగా చిన్నది. ప్రయాణికులు వందమందికి మించరు. జూదశాలలూ నాట్యశాలలూ ఉండవు. దీన్ని ఎక్స్‌పెడిషన్ షిప్పు అంటారు. రేవు లేని దీవుల దగ్గరకు వెళ్ళి, దూరంగా లంగరు వేసి, గట్టి రబ్బరు పడవల్లో మనుషుల్ని ఒడ్డుకు దించడం దీని పని. దిగేముందు అందరి బూట్లూ బ్రష్షుతో కడగాలి. మా మట్టి, మా గింజ, మా పురుగు ఆ దీవి మీద పడకూడదు. పచ్చి కూర, గుడ్డు, గింజ ఏదీ ఒడ్డుకు పోకూడదు. ఫ్యాక్టరీలో సీలు వేసిన డబ్బాలకు మాత్రం అభ్యంతరం లేదు. ఈ రూళ్ళన్నీ నాకు కంఠతా వచ్చు.

ఓడ దిగడానికి ప్రభుత్వం కాగితం ఒక్కటే చాలదు. మనుషులున్న దీవి అయితే అక్కడి పెద్దలు సరేననాలి. మా దారిలో ఒక దీవి ఉండేది. దాని పేరు రాయను, అది వాళ్ళింటి గొడవ. ఆ సీజన్లో రెండు వారాలకొకసారి చొప్పున మూడుసార్లు అక్కడ ఆగాలి. ప్రయాణికులు ఓడ ఎక్కేదే ఆ దీవి కోసం. కెప్టెన్ నార్వే ఆయన. నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయన్నట్టు ఉండేవాడు. మొదటి రోజే నన్ను బ్రిడ్జి మీదకు, అంటే ఓడ నడిపే గదిలోకి పిలిచి, ఆ మూడు మజిలీలూ సజావుగా జరిగితే నిన్ను ఖాయం చెయ్యమని రాస్తాను, జరక్కపోతే తిరిగి సరుకుల గదే అన్నాడు. అంత పొడుగు వాక్యం ఆయన నోట మళ్ళీ వినలేదు.

మొదటి మజిలీ పండగలా జరిగింది. ఒడ్డున పాటలు, మెడలో పూలు. ఒడ్డు మీద దిగడం, తిరగడం చూసుకునే మా లీడరు హెలెన్ అనే న్యూజీలాండ్ ఆవిడ. ఎవరికి ముందు నమస్కారం పెట్టాలో, ఎక్కడ చెప్పులు విడవాలో అన్నీ ఆవిడే నేర్పింది. సాయంత్రం మేం తిరిగి వచ్చేముందు దీవివాళ్ళు పడవల్లో పన్నెండు బుట్టలు పెట్టారు. కాల్చిన సీమపనస, చేమదుంపలు, కొబ్బరిపాలలో ఉడికించిన చేప. బుట్టలు మొగలాకుతో అల్లినవి. మన సముద్రపొడ్డున పొదలుపొదలుగా పెరిగే ఆ మొగలే. చూడగానే ప్రాణం లేచొచ్చింది.

బయటి వంట ప్రయాణికుల బల్ల మీదకు పోకూడదు గనక సిబ్బంది భోజనశాలలో పెట్టించాను. చూస్తుండగానే ఊడ్చేశారు. మిగిలినవి పన్నెండు ఖాళీ బుట్టలు. లంగరు ఎత్తడానికి ఇంకా వేళ ఉంది. ఖాళీగా పంపితే ఇంకేమైనా ఉందా! సరుకుల గది తెరిపించాను. సీలు వేసిన బిస్కట్లు, వెన్న డబ్బాలు, పాలపొడి, పంచదార పొట్లాలు, జామ్ సీసాలు. ఒక్కో బుట్టా పైదాకా నింపించాను. వాళ్ళు పెట్టినదానికి ఒక పిసరు కూడా తగ్గకూడదని దగ్గరుండి చూశాను. బుట్టలు దించి వచ్చిన పడవవాణ్ణి వాళ్ళేమన్నారని అడిగితే, ఏమీ అనలేదు, తీసుకున్నారు అన్నాడు. మన మర్యాద చూసి నోట మాట రాలేదు కాబోలు అనుకున్నాను. ఆ రాత్రి నా అంత హాయిగా ఓడలో ఎవరూ నిద్రపోయి ఉండరు.

రెండు వారాల తర్వాత మళ్ళీ అదే దీవి. ప్రయాణికులు లైఫ్ జాకెట్లు కట్టుకుని, బూట్లు కడుక్కుని వరసలో నిలబడ్డారు. ఒడ్డున నరమానవుడు లేడు. రేడియోలో దీవి నర్సు రూత్ మాట్లాడింది. ఇంగ్లీషు వచ్చింది ఆమెకే కాబట్టి దీవి తరపున మాట ఆమెదే. పెద్దలు దిగవద్దన్నారు, మీకూ మాకూ మధ్య ఇంక ఏమీ లేదట అంది. అంతే. హెలెన్ నా వంక తిరిగి, ఆ బుట్టలు నువ్వేం చేశావని అడిగింది. చెప్పాను. ఆవిడ తల పట్టుకుంది.

కెప్టెన్ అరవలేదు. అరిచినా బాగుండేది. భోజనాల వేళలోపు తేల్చుకు రా, లేకపోతే ఈ దీవిని దారిలోంచి తీసేస్తాను అన్నాడు. దారిలోంచి దీవి పోతే నా యాక్టింగూ పోయినట్టే. పడవలో కూర్చున్నానే గాని కళ్ళ ముందు వంటింట్లోకి వెళ్ళిపోతున్న సుగుణ వీపే ఉంది. పది నెలలు, రెండు నెలలు. మళ్ళీ పది నెలలు.

ఇద్దరం మాత్రం వచ్చి మాట్లాడతామని హెలెన్ రేడియోలో అడిగి ఉంచింది గనక, రూత్ ఒడ్డు దాకా వచ్చి మమ్మల్ని ఒక ఇంటి వసారాలోకి తీసుకెళ్ళింది. అక్కడ మెరే అనే పెద్దావిడ మొగలాకు చీల్చి చాప అల్లుతోంది. దీవిలో ఆవిడ మాటకు తిరుగులేదట. మేం కూర్చున్నా తలెత్తలేదు. మా చేప బాగాలేదా అని మాత్రం అడిగింది. రూత్ ఆ మాట ఇంగ్లీషులో చెప్పి, మిగతాది తనే వివరించింది. ఇక్కడ ఒకరు పెట్టింది కొన్నాళ్ళు మోయాలి. తర్వాత ఎప్పుడో కాస్త ఎక్కువో కాస్త తక్కువో తిరిగి పెట్టాలి. అదే రోజు, అదే బుట్టలో, సరిసమానంగా నింపి పంపడమంటే, మీదేదీ మాకొద్దు, ఇంతటితో సరి అని చెప్పడం. రెండు కుటుంబాలు తెగతెంపులు చేసుకునేటప్పుడు చేసే పని అది.

మన దగ్గర మాత్రం? ఎవరితోనైనా పూర్తిగా చెడితే, వాళ్ళకీ మనకీ రుణం తీరిపోయింది అనమూ? పన్నెండు బుట్టల్లో పన్నెండుసార్లు ఆ మాటే రాసి పంపాను నేను. వెన్న రాసి మరీ!

క్షమాపణ అడిగితే సరిపోయేలా లేదు. ఎందుకు చేశానో చెప్పాలి. పిన్నిగారి గిన్నె సంగతి మొదలుపెట్టాను. మా ఊళ్ళో పక్కింటి గిన్నె ఖాళీగా తిరిగి పోతే ఆ ఇంటిని అవమానించినట్టని, అందుకే నింపానని, మిమ్మల్ని పక్కింటివాళ్ళనుకునే నింపానని చెప్పాను. రూత్ తర్జుమా చేస్తుంటే మెరే అల్లుతూనే ఉంది. మీ ఆవిడ ఆ గిన్నెలో ఏం వేస్తుందని అడిగించింది. ఇంట్లో ఏదుంటే అది, ఏమీ లేకపోతే చిటికెడు పంచదార అన్నాను. ఆవిడ చేతులు ఆగాయి. రెండు వేళ్ళు కలిపి చూపించింది. చిటికెడా? చిటికెడేనండీ అన్నాను, తెలుగులోనే. మరి నువ్వో అన్నట్టు చేతులు బారచాపి, కడుపు పట్టుకుని నవ్వింది. ఏదో అంది కూడా. రూత్ నవ్వు ఆపుకుంటూ అది మాత్రం తర్జుమా చెయ్యలేదు.

మెరే లేచి లోపలికెళ్ళి ఒక బుట్ట తెచ్చింది. అడుగు చూపించింది. ఖాళీ. తీసుకోమంది. నా చెయ్యి ముందుకు పోదే! ఖాళీ బుట్ట పుచ్చుకోవడమా? మా అమ్మ చూస్తే చీపురు తిరగేస్తుంది. ఇప్పుడు తీసుకుంటే మీరు మాకు బాకీ, బాకీ ఉన్నవాళ్ళు మళ్ళీ రావాలి అని రూత్ చెవిలో చెప్పింది. రెండు చేతులూ చాచి తీసుకున్నాను. మెరే వీధిలోకి ఒక కేక వేసింది. ఎక్కణ్ణుంచి వచ్చారో జనం, ఒడ్డంతా నిండిపోయింది.

ఓడ ఎక్కుతుంటే కెప్టెన్ మెట్ల దగ్గరే ఉన్నాడు. ఏమిచ్చి వచ్చావని అడిగాడు. ఏమీ ఇవ్వలేదు సార్, బాకీ పడి వచ్చానన్నాను. బుట్ట వంకా నా వంకా చూసి, ప్రయాణికుల్ని దింపమని హెలెన్‌కు సైగ చేశాడు.

మూడో మజిలీకి ముందు బుట్టల పద్ధతి మార్చాను. వచ్చినవాటిలో కొన్ని ఓడలోనే ఉంచుకునేవాళ్ళం. మరుసటి మజిలీకి వాటిలో ఏదో కొంచెం, ఎప్పుడూ సమానం కాకుండా, పెట్టి పంపేవాళ్ళం. సీజను చివర కెప్టెన్ నా పేరు రాశాడు. తర్వాత ఆ ఓడ మీద ఉన్నన్ని సీజన్లూ ఆ దీవి మా దారిలోనే ఉంది. ఆఖరి సీజన్లో ఆ ఖాళీ బుట్ట తిరిగి ఇచ్చేద్దామని తీసుకెళితే మెరే చేతులు వెనక్కి పెట్టుకుంది. అప్పుడు అడిగాను రూత్‌ను, ఆవేళ వసారాలో నవ్వుతూ ఆవిడ ఏమందని. ఈసారి ఇతన్ని కాదు, ఇతని పెళ్ళాన్ని పంపమనండి అందట.

మొదటి సీజను అయి, ఉద్యోగం ఖాయమై ఇంటికి వచ్చిన రోజే ఈ బుట్టల కథంతా సుగుణకు చెప్పాను. నవ్వుతుందనుకుంటే విసుక్కుంది. “పుట్టి బుద్ధెరిగి గిన్నెలు మోస్తున్నారు, ఈ మాత్రం తెలీదుటండీ? ఆవిడ పులిహోరకి నా చిటికెడు పంచదార సమానమా? కాదు కాబట్టే నేను మళ్ళీ ఏదో ఒకటి చేసి పంపాలి. అప్పుడు ఆవిడ మళ్ళీ పంపాలి. నిండుగా పోసి పంపితే ఇంక రేపు ఎవరి గుమ్మం ఎవరు తొక్కుతారు?” అంది. లెక్కల టీచరు కదా.

హోటల్ పనిలో మొదట నేర్పేది, అతిథి గది ఖాళీ చేసేలోపు లెక్క తేల్చి మూసెయ్యమని. ముప్ఫయ్యేళ్ళు అలాగే చేశాను, అది సరైన పద్ధతే. అయితే అతిథి మళ్ళీ రావాలంటే మూయకుండా వదలాల్సిన లెక్క ఒకటి ఉంటుందని, అది ఏదో పోల్చుకోవడమే మేనేజరు పని అని ఆ దీవిలో తెలిసింది. బుట్ట మా ముందు గదిలో మేకుకు వేలాడుతోంది. మొదట్లో సుగుణ అలవాటు కొద్దీ అందులో చిటికెడు పంచదార వేసింది. చీమలు పట్టాయి. దులిపేసి మళ్ళీ ఖాళీగానే తగిలించాను.