కానుగ నూనె పూసిన రబ్బరు పడవ

1978 జూన్‌లో నన్ను ఫిషరీస్ ఇన్‌స్పెక్టరుగా ఆత్మకూరుకు వేశారు. ఆత్మకూరు, ఉదయగిరి తాలూకాలు రెండూ నా పరిధి. మా బంధువులు ఈ కబురు విని నవ్వారు. ఇంత పొడుగు సముద్రం ఉన్న జిల్లాలో మత్స్యశాఖ ఉద్యోగం దొరికించుకుని, మెట్టకు పోయి ఏ చేపలు పడతావని వాళ్ల వెటకారం. మెట్టలో చెరువులకు కొదవ లేదని వాళ్లకు తెలియదు. కార్తీకం వానలకు నిండి, వేసవికి అడుగంటే చెరువులవి. వాటిలో బొచ్చె, మోసు చేపపిల్లలను వదలడం, అవి ఎంత ఎదిగాయో నెలకోసారి వల వేసి చూడడం మా పని. పట్టిన చేపను కొలిచి, తూచి, మళ్లీ నీళ్లలో వదిలెయ్యాలి. ఒక్కటి కూడా దారి తప్పి పులుసులోకి పోలేదని మాత్రం నేను ప్రమాణం చెయ్యలేను.

ఈ పనికి మాకొక రబ్బరు పడవ ఉండేది. ఎక్కడో వరద సహాయానికి కొన్నారట. అక్కడ అవసరం తీరాక చేతులు మారి మా ఆఫీసుకు చేరింది. బూడిదరంగు, నలుగురు కూర్చునే వీలు, కుడి ఎడమల రెండు గాలి గదులు, ముక్కు దగ్గర ఒక చిన్న గది. ఒక్కో గదికి ఒక్కో వాల్వు. కాలిపంపుతో గాలి కొట్టాలి. నది మీద, సముద్రం మీద నడవడానికి తయారైన ఆ పడవకు మా చెరువుల సంగతి తెలియదు. మా చెరువుల కడుపు నిండా తుమ్మచెట్లు. నీళ్లు నిండితే కొమ్మలు మునిగిపోయి పైకి ఏమీ కనిపించదు. కిందినుంచి తుమ్మముల్లు, లోపలినుంచి పట్టిన జెల్ల చేపల ముల్లు. రబ్బరు ఎన్నింటికని ఓర్చుకుంటుంది?

అందుకని మొదటి ఏడాదే దానికి కొన్ని మార్పులు చేయించాను. అడుగున దళసరి టార్పాలిన్‌తో చొక్కా కుట్టించి తొడిగాం. లోపల మామిడి పలకలు పరిచి, వాటి అంచులకు పాత సైకిల్ ట్యూబు చుట్టాం. అల్యూమినియం తెడ్లు మొదటి నెలలోనే వంగిపోతే వెదురు కర్రలకు చెక్క బిగించాం. పట్టిన చేప నేరుగా గోతం పరిచిన గంపలోకే పోవాలి, పడవలో పడకూడదు. చెప్పులతో ఎవరూ ఎక్కకూడదు. ఒక పెద్దమనిషి కిర్రు చెప్పులతో కాలు పెట్టబోతే నేను అరిచిన అరుపు కట్ట మీద ఎద్దులను కూడా బెదరగొట్టిందని తర్వాత చెప్పుకున్నారు. చెప్పుకోనీ అనుకున్నాను.

ఆ పడవ నడిపేవాడు పెంచలయ్య. దుత్తలూరు పక్క పల్లెవాడు, అప్పటికి ముప్పై దాటిన వయసు. బావి ఎండిపోయి సేద్యం మూలపడితే మా దగ్గరికి వచ్చాడు. అతని పోస్టు చిత్రమైనది. ఆఫీసులో ఖాళీ ఉండి ఇచ్చింది కాదు, పడవ మీద మంజూరైంది. పడవ పనికొస్తుందని ఏటా అసిస్టెంట్ డైరెక్టరు తనిఖీ చేసి సంతకం పెడితే పోస్టు మరో ఏడాది సాగుతుంది. పనికిరాదని రాస్తే, మా భాషలో కండెమ్ చేస్తే, పడవతో పాటు పోస్టూ పోతుంది. 1982లో అతని పేరు పర్మినెంటు చేసేవాళ్ల వరుసలో ఉంది. ఒకటే షరతు, ఆర్డరు వచ్చేదాకా సర్వీసు తెగకూడదు. ముందు ఆ ఏడు తనిఖీ గట్టెక్కాలి.

ఆ వేసవిలో నన్ను ట్రైనింగుకు పంపారు. చెరువులు ఎండిపోయాయి కాబట్టి పడవకూ సెలవే. గాలి తీసి, మంచినీళ్లతో కడిగి, నీడలో ఆరబెట్టి, మడతలు పడకుండా వదులుగా చుట్టి, పౌడరు చల్లి పెట్టమని పెంచలయ్యకు చెప్పి వెళ్లాను. అతను అన్నీ చేశాడు. ఒకటి ఎక్కువ కూడా చేశాడు.

మెట్టలో కపిల బావులు నడిచిన రోజుల్లో ఎద్దులు లాగే తోలుబానతో నీళ్లు తోడేవారు. వేసవిలో బాన పగిలిపోకుండా కానుగ నూనె పట్టించి నీడన వేలాడదీయడం ప్రతి రైతింట్లో ఉన్న ఆచారం. పెంచలయ్య ఇంట్లో ఆ పని అతని నాయన తరవాత అతనిదే. రబ్బరు పొడిబారినట్టు కనిపించేసరికి అతని చెయ్యి ఊరుకోలేదు. పడవను సుబ్బరంగా తుడిచి, కుట్టుకుట్టుకూ కానుగ నూనె పట్టించాడు. నేను తిరిగి వచ్చి స్టోరు గది తలుపు తీయగానే ఆ వాసన గుప్పుమంది.

"బాన మాదిరే మెత్తంగా ఉండాది, చూడండి సార్" అన్నాడు సంతోషంగా.

తోలుకు నూనె ప్రాణం, రబ్బరుకు అదే శత్రువు. గాలి కొడితే ఎడమ గదికి పాత అతుకులన్నీ ఒకటొకటిగా లేచిపోయాయి. పెట్రోలుతో తుడిచి, గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ పూసి కొత్త అతుకులు వేశాను. ఎండెక్కేసరికి అవీ ఊడి వచ్చాయి. పెంచలయ్య ఊడిన ముక్కలను ఏరి పక్కన పెడుతున్నాడు. తను చేసిందేమిటో అతనికి అప్పటికి అర్థమైంది. తిట్టాలని నోటిదాకా వచ్చింది. ఆ ముఖం చూశాక తిట్టలేకపోయాను.

ఆత్మకూరు బస్టాండు దగ్గర మస్తాన్ భాయ్‌కి పంక్చర్ షాపు ఉండేది. లారీ టైర్ల నుంచి పిల్లల బంతుల దాకా గాలి పట్టేదేదైనా అతని చేతి మీదుగా పోవలసిందే. పడవను బండి మీద వేసుకుని తీసుకుపోతే వేలితో రుద్ది వాసన చూశాడు.

"ఏంది సార్, పడవకి తలంటు పోసినారా? నూనె తాగిన రబ్బరుకి సొల్యూషన్ పట్టదు. టైరు పోయిందంటే అతుకులేస్తామా? లోపల ట్యూబు బాగుంటే చాలుగదా."

అతను విసుగుతో అన్న మాటే మాకు దారి చూపింది. గాలి ఆపే పని ఆ గదికి ఎందుకు? దాన్ని టైరు అనుకుని లోపల వేరే ట్యూబు పెడితే సరి. కాలేజీలో నేను ఫుట్‌బాల్ ఆడేవాణ్ణి. తోలుబంతి చీలిక లోంచి బ్లాడరు దూర్చి లేసు బిగించే పద్ధతి నాకు బాగా తెలుసు. అక్కడే నేల మీద సుద్దముక్కతో గీసి చూపించాను. మస్తాన్ భాయ్ రెండు లారీ ట్యూబులను కోసి, నిడివిగా కలిపి, కొసలు వేడి అతుకుతో మూసి, వాల్వు పెట్టాడు. ఎడమ గదిని లోపలివైపు చీల్చి, రెండంచులకూ టార్పాలిన్ పట్టీ కుట్టించి, తాడు దూరడానికి ఇత్తడి ఐలెట్లు కొట్టించాం. ట్యూబు దూర్చి తోలుతాడుతో బిగించాం.

మొదటిసారి గాలి కొడితే తాళ్ల సందుల్లోంచి ట్యూబు బొబ్బల్లా పైకి తన్నుకొచ్చింది. పెంచలయ్య ఆలోచించి, బూటుకు నాలుకలాగా లేసు కింద ఒక దళసరి గుడ్డ పెడదామన్నాడు. పెట్టాం. నిలిచింది. ఆ సాయంత్రం షాపు ముందు ముగ్గురం పడవలో కూర్చుని టీ తాగాం. రోడ్డున పోయే బస్సుల్లోంచి జనం తలలు బయటపెట్టి చూశారు. నా సర్వీసులో అంత హాయిగా తాగిన టీ మరొకటి లేదు.

ఆ కార్తీకం వానలకు చెరువులు నిండాక తనిఖీ పెట్టారు. దుత్తలూరు దారిలోని చెరువు మీద. అసిస్టెంట్ డైరెక్టరు భారీ మనిషి, మాట తక్కువ. లేసును బొటనవేలితో నొక్కి చూసి, ఇది పడవా బూటా అని అడిగారు. చేసిన మార్పంతా చెప్పాను. బూట్లు విప్పమన్నాను. ఆయన నా వంక ఒకసారి చూసి, విప్పారు. పెంచలయ్య తెడ్డు వేశాడు. వల వేసి తీశాం. చేతిమూరెడు బొచ్చె పడితే దొరగారే స్వయంగా తూచి నీళ్లలో వదిలారు.

తిరిగి వచ్చేటప్పుడు సగం దూరంలో నా చెయ్యి కుడి అంచు మీద పడింది. మేము అసలు ముట్టుకోని కుడి గది, ఆయన కూర్చున్న వైపుది, మెల్లగా మెత్తబడుతోంది. నూనె దాని కుట్లను కూడా వదులు చేసినట్టుంది. పెంచలయ్య నాకంటే ముందే గమనించాడు. ముఖంలో ఏమీ కనబడనివ్వకుండా అన్నాడు: "అయ్యా, అటు ఎండ కొడతాది. ఇట్లా ఎడం పక్కకి వచ్చి కూచోండి."

ఆయన జరిగారు. ఆయన బరువంతా ఆ లారీ ట్యూబుల మీద పడింది. తోలుతాళ్లు కిర్రుమన్నాయి. పెంచలయ్య తెడ్డు వేగం పెంచలేదు, తగ్గించలేదు. ఒడ్డు తగిలేదాకా నేను కుడి అంచు మీంచి చూపు తిప్పలేదు. దిగాక ఆయన తడిసిన ప్యాంటు అంచు పిండుకుని, ఇవాళ మబ్బు పట్టి ఉందనుకుంటాను అన్నారు. తర్వాత జీపు బానెట్ మీద కాగితం పెట్టి రాశారు: పడవ పనికి యోగ్యం. కుడి గదికి కూడా ఇదే మార్పు చేయవలెను.

కుడి గదికీ చేయించాం. ఆ పడవతో ఆ తర్వాత గడిపిన ఉదయాలను తలుచుకుంటే ఇప్పటికీ మనసు తేలికవుతుంది. తెల్లారేసరికి ఉదయగిరి కొండ మీద ఎర్రటి వెలుగు, నీళ్ల మీద సన్నటి పొగ, పెంచలయ్య తెడ్డు చప్పుడు, పని ముగిశాక కట్ట మీద మూడు రాళ్ల పొయ్యి. ఆ ప్రాంతం మీద నాకున్న ప్రేమంతా ఆ పడవలో కూర్చుని పుట్టిందే.

1984లో పెంచలయ్యకు పర్మినెంటు ఆర్డరు వచ్చింది. పర్మినెంటు ఖాళీ ఎక్కడుంటే అక్కడికి వెయ్యాలి. ఉన్నది సముద్రం వైపు చేపపిల్లల కేంద్రంలో. ఆర్డరు చదివి వినిపించాను. చేతులు జోడించాడు, కళ్లు తుడుచుకున్నాడు. "ఆడ పడవ ఉండాదా సార్?" అని అడిగాడు. లేదు, సిమెంటు తొట్లేనని చెప్పాను. తల ఊపాడు. వెళ్లే ముందు రోజు పడవను కడిగి, ఆరబెట్టి, పౌడరు చల్లి చుట్టిపెట్టి వెళ్లాడు.

అతని స్థానంలో ఎవరూ రాలేదు. తాత్కాలిక పోస్టు పర్మినెంటుగా మారడంతో పడవ మీది మంజూరు ముగిసిపోయింది. పడవ మాత్రం బాగానే ఉంది. నేను వీలున్నప్పుడు విప్పి చూసేవాణ్ణి. నాకు వీలెప్పుడు ఉండేది? మరుసటి వేసవిలో దాన్ని తీసేసరికి ఎలుకలు రెండు గదులనూ, లోపలి ట్యూబులనూ కొరికేశాయి. కండెమ్ చెయ్యమని పైకి కాగితం రాసి సంతకం పెట్టింది నేనే.

ఆ తర్వాత పదహారేళ్లు వేర్వేరు చోట్ల పనిచేశాను. పడవలు, వలలు, జీపులు, ఐసు పెట్టెలు చాలా నా చార్జిలోకి వచ్చాయి. ఏ ఆఫీసులో చేరినా సామాను చూపిస్తామని స్టోరు గదికి తీసుకుపోయేవారు. నేను గుమ్మం దగ్గరే ఆగి, వీటిని చూసుకునే మనిషి ఎవరని అడిగేవాణ్ణి. మనిషి ఉంటేనే చార్జి కాగితం మీద సంతకం పెట్టేవాణ్ణి.