నఫీసా ఆపా బడిగంట

మొన్న నిజామాబాద్‌లో మా మనుమరాలు సహస్ర పుట్టినరోజు చేశారు. ఫంక్షన్ హాలు మధ్యలో కేకు ఏడంతస్తులు ఉంది. దాన్ని కోయడానికి పిల్లను నిచ్చెన ఎక్కించారు. నిప్పుపూలు చిమ్మే కొవ్వొత్తుల పొగకు నా కళ్ళు మండుతున్నాయి. పాట ఎంత గట్టిగా పెట్టారంటే నా చేతిలో మంచినీళ్ళు కూడా వణుకుతున్నాయి. అప్పుడు వడ్డనవాళ్ళ చేతిలోంచి పెద్ద స్టీలు తాంబాలం జారి గచ్చు మీద పడింది. ఠంగ్! నేను కుర్చీలోంచి లేచి, చెప్పులు సరిచేసుకుని, గేటు వైపు నడక పెట్టాను.

మా కొడుకు రవి వెనకాలే ఉరికివచ్చాడు. "బాపూ, గటెటు పోతున్నవ్? ఇంక కేకే కొయ్యలే."

"గంట కొట్టిన్రు గదరా. ఇంటికి పోవద్దా?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నేనూ వాళ్ళతో కలిసి నవ్వి, వచ్చి కూర్చున్నాను. పోయేటప్పుడు అందరికీ ఇచ్చినట్టే నాకూ ఒక నీళ్ళ సీసా ఇచ్చారు. దాని మీద సహస్ర నవ్వుతున్న ఫోటో అచ్చేసి ఉంది. దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఇంటికి వచ్చాను.

అన్నట్టు కేకు ఏడంతస్తులు కాదు, మూడు. నిచ్చెన కాదు, ప్లాస్టిక్ స్టూలు. పెంచి చెప్పడం నాకు పుట్టుకతోనే వచ్చింది. పెంచినదాన్ని మళ్ళీ కిందికి దించడం మాత్రం బోధన్‌లో నఫీసా ఆపా దగ్గర నేర్చుకున్నాను. ఆపా అంటే అక్క.

నేను చెరుకు ట్రాక్టరు నడిపినవాణ్ని. ఎడపల్లి పొలాల నుంచి బోధన్ చక్కెర ఫ్యాక్టరీకి చెరుకు మోసేవాణ్ని. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఒక ఆటో కొనుక్కుని, పిల్లలను బడికి తిప్పే పని వెతుక్కుంటూ ఆపా ఇంటికి వెళ్ళాను. ఆమె ఇంటి ముందరి గదులే బడి. వాకిట్లో వేపచెట్టు కొమ్మకు రైలుపట్టా ముక్క వేలాడుతుండేది. అదే గంట. ఆపా అప్పుడే తల నెరుస్తున్న మనిషి, పెళ్ళి చేసుకోలేదు. ముక్కు మీదికి జారే కళ్ళద్దాలు. ఓణీ చెంగుతో సుద్ద అంటిన చేతులు తుడుచుకుంటుంటే ఆ చెంగు ఎప్పుడూ తెల్లగానే కనిపించేది.

"ఆటో నడుపుడు వస్తదా?" అని అడిగింది.

"ఆపా, ముప్పై టన్నుల చెరుకు లోడుతోని మంజీర వంతెన మీద ఎనకకు నడిపిన మనిషిని."

ఆమె కళ్ళద్దాల మీదుగా చూసింది. కోపం లేదు, నవ్వు లేదు. "దీంట్ల అసలెంత మల్లయ్యా?"

ఆ ప్రశ్న నన్ను అంతవరకు ఎవరూ అడగలేదు. నమ్మేవాళ్ళు నమ్మారు, నవ్వేవాళ్ళు నవ్వారు. లోపల ఏముందో చూస్తానన్నవాళ్ళు లేరు. గొంతు సవరించుకుని, "లోడు లేకుంటుండె ఆపా. వంతెన గూడ కాదు, ఫ్యాక్టరీ గేటు కాడ," అన్నాను.

"అది కూడ తక్కువేం కాదు. రేపు పొద్దుగాల రా," అంది.

ఆ బడిలో పుట్టినరోజుకు ఒక పద్ధతి ఉండేది. ఆ రోజు ఎవరిదైతే వాళ్ళే సాయంత్రం గంట కొట్టాలి. మామూలు వేళకన్నా కాస్త ముందే కొట్టవచ్చు. ఎప్పుడు కొట్టాలో ఆ పిల్లే ఆపా చెవిలో చెప్పేది. మధ్యాహ్నం నుంచి బడంతా ఆ పిల్ల వైపే చూస్తూ కూర్చునేది. చిన్నపిల్ల అయితే ఆపా ఎత్తుకునేది, ఇనుప చీల పిల్ల చేతిలో ఉండేది. ఠంగ్ మనగానే పిల్లలంతా కేకలు పెట్టుకుంటూ బయటపడేవాళ్ళు. నా ఆటోలో దారంతా ఆ పిల్ల పేరే అరిచేవాళ్ళు. ఆ అరుపు ఎక్కడో దూరాన ఉన్న వర్ని ఊరి దాకా వినబడేది. సరే, వర్ని దాకా కాదు. బస్టాండు దాకా.

"నీ పేరు మీద బడంత ముందుగాల ఇంటికి పోతది. దీనికన్న పెద్ద దావత్ ఇంకేముంటది?" అని ఆపా పిల్లలతో అనేది. కొత్త బట్టలు ఉన్నా లేకపోయినా గంట అందరికీ ఒక్కటే మోగేది.

ఆ రోజుల్లో చాలా బళ్ళలో, తల్లిదండ్రులకు తేదీ తెలియకపోతే అందరికీ జూన్‌లో ఒకే తేదీ రాసేవారు. ఆపా రాసేది కాదు. "ఒక్క రోజును గింతమందికి పంచితే ఒక్కొక్కరికి ఏం మిగుల్తది?" అనేది. తల్లిని కూర్చోబెట్టి అడిగేది. వానలు పడుతున్నాయా, మక్కలు ఇంటికి వచ్చాయా, రంజాన్ ముందా, తర్వాతా అని అడిగి అడిగి, ఆ పిల్లకంటూ ఒక రోజు వెతికి ఇచ్చేది.

ఎడపల్లి నుంచి లత అనే బీడీలు చుట్టే అమ్మాయి తన కూతురు మానసను చేర్పించడానికి వచ్చినప్పుడు నేను అక్కడే ఉన్నాను. పిల్ల ఇంట్లోనే పుట్టిందట, కాగితం లేదు. భర్త దుబాయి పోయాడట, ఫోను కూడా ఎప్పుడో ఒకసారి.

"తారీకు ఎరుక లేదు ఆపా. ఫ్యాక్టరీ గానుగ మొదలువెట్టిన పొద్దు. సైరన్ మోగుతుంటెనే పుట్టింది," అంది లత.

ఆపా నా వైపు తిరిగింది. "మల్లయ్యా, నువ్వు చెరుకు మోసినోనివి గద. ఆ యేడు గానుగ ఎప్పుడు మొదలైంది?"

"దీపావళి పోయినంక వచ్చిన సోమారం. తెల్లారి నాలుగు గొట్టంగ మొదటి బండి నాదే."

"అసలెంత?"

"దీపావళి అయినంక. సోమారమో మంగళారమో యాదికి లేదు. మొదటి బండి నాది కాదు."

"సోమారమే రాద్దాం," అని రాసింది. తర్వాత కలం అలాగే పట్టుకుని నన్నడిగింది. "నువ్వెప్పుడు పుట్టినవ్?"

అరవయ్యేళ్ళకు దగ్గరపడ్డవాణ్ని. నన్ను ఆ మాట అడిగినవాళ్ళు లేరు. "చెరుకు కొట్టేటప్పుడని మా అవ్వ అంటుండె ఆపా."

"అయితే మానసది, నీది ఒక్కటే రోజు. ఇద్దరికి పంచితే తక్కువేం కాదు."

ఆ సంవత్సరం మానస, నేను ఇద్దరం కలిసి గంట కొట్టాం. చీల పిల్ల చేతిలో, పిల్ల నా భుజం మీద. నాకు తెలిసిన నా మొదటి పుట్టినరోజు అది. దీంట్లో తీసెయ్యడానికి ఏమీ లేదు.

తర్వాత బోధన్‌లో కూడా కేకుల రోజులు వచ్చాయి. ఒక కాంట్రాక్టరు భార్య తన కూతురి కోసం కారు ఆకారంలో కేకు తెచ్చి, "క్లాసులనే కోయిద్దాం ఆపా," అంది. ఆపా గంట సంగతి చెప్పింది. ఆమె వాకిట్లోనే, అందరూ వింటుండగా, "గంట కొట్టుడు ఏంది ఆపా, నా బిడ్డ ఏమన్న ప్యూనా?" అంది.

ఆపా ఆ రోజు కేకును లోపలికి రానివ్వలేదు. నెల తిరగకముందే ఆ పిల్ల బడి మారింది, ఆ పిల్లతో పాటు ఇంకొందరు. ఆపా దగ్గర పాఠాలు చెప్పే ఇద్దరు ఆడపిల్లలు ఆ జీతం మీదే బతికేవాళ్ళు. వాళ్ళ ముఖాలు చూసి ఆపా లొంగింది. సరే, తెచ్చుకోండి అంది. ఆ వారం నేను ఆమె ఎదుట, "మంచి పని చేసినవ్ ఆపా, పిల్లలు సంబురపడ్తరు," అన్నాను. ఆమె అసలెంత అని అడగలేదు. అప్పుడే నాకు భయమేసింది.

కారు తర్వాత కోట వచ్చింది, కోట తర్వాత పిల్ల ఫోటో ఉన్న కేకు. ఎవరిది కోస్తున్నా తల్లుల ఫోన్లలోకి ఫోటోలు వెళ్ళేవి. సాయంత్రం గేటు దగ్గర నిలబడి, "ఈసారి వాల్లు ఏం పెట్టిన్రు?" అనే మాట. పిల్లలకు వెళ్ళేటప్పుడు డబ్బాలు, సీసాలు ఇచ్చేవాళ్ళు. కేకు తెచ్చినవాళ్ళు గంట కొట్టడం మానేశారు. ఎవరూ వద్దనలేదు, వాళ్ళే మానేశారు.

ఆ సంవత్సరం దీపావళికి ముందే మానస బడికి రావడం ఆగింది. ఆపా రెండు రోజులు చూసి, మూడో రోజు నా ఆటో ఎక్కి ఎడపల్లి పోదాం పద అంది. లత గుమ్మంలో కూర్చుని, చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతోంది. మమ్మల్ని చూసి లేవబోయింది, ఆపా వద్దని గడప మీదే కూర్చుంది. మానస తల్లి వెనక దాక్కుని నన్ను చూసి ఒకసారి నవ్వింది.

"పిల్లను ఎందుకు ఆపినవ్ లతా?"

లత చేతులు ఆగలేదు. తునికాకు మడిచి, దారం చుట్టి, చాటలో వేస్తూనే ఉంది. "గా గూడు సూడు ఆపా," అంది.

గోడ గూట్లో నీళ్ళ సీసాలు, టిఫిను డబ్బాలు వరసగా ఉన్నాయి. ఒక్కొక్కదాని మీద ఒక్కొక్క పిల్ల నవ్వు ముఖం. మానసతో చదివే పిల్లలందరూ ఆ గూట్లో ఉన్నారు, మానస తప్ప.

"అందరిది తిన్నది. అందరిది తెచ్చింది. గేటు కాడ ఒకామె అన్నది, తినుడు ఒక్కటే ఎరుక గీల్లకని. పిల్ల ఇన్నది ఆపా. ఇంటికొచ్చి గా సీసాలల్ల నీళ్ళు తాగుతలేదు."

"తెచ్చినదానికి తిరిగి పెట్టాలని ఎవ్వరన్నరు? మానసకు గంట ఉంది. ఆ సోమారం వస్తుంది. నేను ఎదురుచూస్త."

అప్పుడు లత చేతులు ఆగాయి. తల ఎత్తి, చాలా నెమ్మదిగా, తప్పు పట్టినట్టు కాకుండా చెప్పింది. "గంట ఇప్పుడు ఎవ్వరు కొడ్తున్రు ఆపా? కేకు తేనోల్లే గద. గంట మోగితె పిల్లలు ఏమంటున్రో నీకు ఎరుకనా? బీదోల్ల బర్త్‌డే అంటున్రు."

ఆపా కళ్ళద్దాలు తీసి చెంగుతో తుడిచింది. సుద్ద అంటి అద్దాలు ఇంకా మసకబారాయి. తిరిగి వస్తుంటే ఆటోలో ఒక్క మాట అంది, నాతో కాదు, రోడ్డుతో. "గంటను చెట్టుకు నేనే కట్టిన. దాన్ని బీదోల్లది చేసింది గూడ నేనే."

మరునాడే బడిలో కేకులు బందు పెట్టింది. ఎవరైనా సరే గంటే అంది. ఆ వారంలోనే పిల్లలు సగానికి పడిపోయారు.

మానస సోమవారం వచ్చింది. లతే స్వయంగా తలకు నూనె రాసి, మల్లెపూలు పెట్టి పంపింది. నేనే ఆటోలో తెచ్చాను. పిల్ల నా భుజం మీదికి ఎక్కి చీల ఎత్తి కొట్టిన దెబ్బకు బోధన్ ఊరంతా ఉలిక్కిపడింది. మూతపడ్డ ఫ్యాక్టరీలో సైరన్ మళ్ళీ మోగిందేమోనని జనం ఇళ్ళలోంచి బయటికి వచ్చారు. పిల్లలు మానస పేరు అరుస్తూ పరిగెత్తారు. ఆపా నవ్వింది.

దీన్ని ఇలాగే చాలామందికి చెప్పాను. సహస్రకూ ఇలాగే చెప్పాను. చెప్పిన ప్రతిసారీ చివర్లో నా చెవిలో ఆపా ప్రశ్నే వినబడుతుంది, అసలెంత అని. చెబుతాను.

ఆ సోమవారం నేను ఎడపల్లి వెళ్ళేసరికి లత ఇంటికి తాళం ఉంది. పిల్లను తీసుకుని అక్క ఇంటికి వర్ని పోయిందనీ, అక్కడి సర్కారు బడిలో వేస్తుందనీ పక్కింటివాళ్ళు చెప్పారు. కిటికీలోంచి చూస్తే గూట్లో సీసాలు అలాగే ఉన్నాయి. ఖాళీ ఆటోతో బడికి వచ్చాను. ఆపా వాకిట్లో చెట్టు కింద చీల పట్టుకుని నిలబడి ఉంది. మిగిలిన కొద్దిమంది పిల్లలు తలుపుల్లోంచి చూస్తున్నారు.

"పిల్లకు జరం వచ్చింది ఆపా," అన్నాను. "వస్తనని ఒక్కటే ఏడుపు. లత బలవంతంగ పండవెట్టింది. రేపొస్తది."

"అసలెంత మల్లయ్యా?"

 దించి చెప్పడానికి కింద ఏమీ లేదు. నేను తల వంచుకున్నాను. ఆమెకు అర్థమైంది.

చీల నా చేతికి ఇచ్చింది. "ఇయ్యాల నీది గూడ గద. నువ్వు కొట్టు."

నా చెయ్యి లేవలేదు. చెరుకు మోసిన చెయ్యి, ఇనుప చీల అంత బరువు ఎత్తలేకపోయింది. ఆ రోజు గంట వేళకన్నా ముందు మోగలేదు. మామూలు వేళకు ఆపానే కొట్టింది. పిల్లలు నడుచుకుంటూ వెళ్ళారు. ఎవరి పేరూ వినబడలేదు.

ఆ ఎండాకాలంలో బడి మూసింది. ఆ తర్వాత ఎంతో కాలం బతకలేదు ఆపా. గంటను నేను తెచ్చి నా మంచం కింద పెట్టుకున్నానని చెప్పాలని ఉంది. తేలేదు. ఆమె సమాధిలో పిడికెడు మట్టి వేసి వచ్చాక అడగడానికి వెళితే, ఇల్లు ఖాళీ చేసినవాళ్ళు దాన్ని పాత ఇనుము బండికి వేసేశారు. వేపకొమ్మ మీద తీగ ఒరుసుకున్న గాడి మాత్రం ఉంది.

మొన్న పార్టీకి ముందు నేను రవితో ఒకమాట అన్నాను, ఇంత అవసరమా అని. "సహస్ర అందరి పార్టీలకు పోయింది బాపూ, మనం చెయ్యకుంటె ఎట్ల?" అన్నాడు. వాడి గొంతులో గొప్ప లేదు, భయం ఉంది. లత గొంతులో విన్న భయమే. పార్టీ నుంచి ఇంటికి వచ్చాక, సహస్ర సీసాను ఎక్కడ పెట్టాలో తెలియక, ముఖం గోడ వైపు తిప్పి పెట్టాను.

దీపావళి దాటాక వచ్చే సోమవారం నాడు నేను ఎక్కడ ఉన్నా, హోటల్లోనో, ఎవరి పెళ్ళిలోనో, అందరికంటే ముందు లేచి ఇంటికి బయలుదేరతాను. "ఏమాయె కాకా, అప్పుడే?" అని అడుగుతారు. ఒక పిల్ల పుట్టినరోజు అంటాను. ఏ పిల్ల, ఎక్కడుంది, ఎంత పెద్దదైంది అని అడిగితే నాకు తెలియదు. వర్నిలో ఉందో, ఇంకెక్కడ ఉందో. ఆ రోజు తన పేరు మీద ఒక ముసలివాడు ముందుగా ఇంటికి పోతాడని ఆ పిల్లకు తెలియదు.

అసలు అంతే, ఆపా.