మబ్బు పట్టిన రోజే వంట

ఇవాళ పొద్దున అద్దంకిలో బడిపిల్లల ముందు అబద్ధం చెప్పాను. కొండల్లో దాగిన గుడికోట గురించి నేను రాసిన నవల చదివిన ఒక అమ్మాయి లేచి, "సార్, కోటలో వాళ్లు మబ్బు పట్టిన రోజే వంట చేస్తారు కదా, ఆ సంగతి మీకెలా తట్టింది?" అని అడిగింది. "అలా తట్టిందమ్మా" అన్నాను. చప్పట్లు కొట్టారు. బయటికి వచ్చేసరికి రోడ్డు మీద మిరపకాయల బస్తాలతో లారీ వెళ్తోంది. ఆ ఘాటు గొంతుకు పట్టి దగ్గొచ్చింది. దగ్గుతో పాటు సువార్తమ్మ గుర్తొచ్చింది. ఆ సంగతి తట్టింది నాకు కాదు, ఆమెకు.

ఇరవై ఏళ్ల కిందట గుంటూరు శివార్లలోని ఒక మిరప గోడౌన్‌లో నేను కాటా గుమాస్తాను. సువార్తమ్మ అక్కడ తొడిమలు తీసే కూలీ. ముక్కుకు గుడ్డలు కట్టుకొని ఆడవాళ్లంతా గుండ్రంగా కూర్చుంటే, ఆమె ఆ గుడ్డ చాటు నుంచే కథ చెప్పేది. ఏ పటంలోనూ లేని దేశం. రాజు మనుషులకు దొరక్కుండా కొండ కడుపులో గుడి తొలిచి, దాన్నే కోట చేసుకున్న నాలుగొందల మంది. తొడిమలు తీసిన కాయల తూకాన్ని బట్టే కూలి. చెప్పేవాళ్ల చేయి వెనకబడుతుంది గనుక, వినేవాళ్లు తాము తీసిన కాయలు తలో గుప్పెడు ఆమె తట్టలో వేసేవారు. ఎవరూ అడిగేవారు కాదు, అక్కడి పద్ధతి అది. నేను కాటా పక్కన కూర్చొని ఊరికే విన్నాను.

"ఆదివారం చర్చికి పోయేదానివి, నీకు గుడి కథలేందే?" అని ఎవరో ఎగతాళి చేస్తే, "ఆ గుళ్లో ఏ దేవుడున్నాడో ఇంకా తేల్లేదక్కా. ముందు మనల్ని లోపలికి రానిచ్చారు, అది చూడు" అంది. అందరూ నవ్వారు. ఆ ఘాటులో నవ్వు కాసేపటికే దగ్గయింది.

నాకు అప్పటికే రాయాలని పిచ్చి. ఆ కోట గురించి రాసుకొని, ఒక మధ్యాహ్నం అన్నాల వేళ ఆమెకు చదివి వినిపించాను.

"గోడలు బానే కట్టారు బాబూ. పొయ్యేదీ?"

"ఏ పొయ్యి?"

"నాలుగొందల మంది తినొద్దా? వండితే పొగ రాదా? పొగొస్తే ఆ రాజుగాడు చూడడా? మబ్బు దిగిందాకా వాళ్లు పొయ్యి రాజెయ్యరు. ఆకాశం తేటగా ఉందా, పిల్లలకు పస్తే."

ఎండ కాస్తే పిల్లలు ఏడ్చే చోటు అది. ఎంత గొప్ప కట్టడాన్ని చూసినా, లోపల ఆకలితో ఉన్నది ఎవరని అడగడం ఆ రోజు నేర్చుకున్నాను. నాకు వచ్చిన విద్యంతా అదే.

కొన్నేళ్లకు పుస్తకం వచ్చింది, పేరూ వచ్చింది. అందులో సువార్తమ్మ పేరు ఎక్కడా లేదు. చదువురాని కూలీ చెప్పిన కథంటే నన్ను తక్కువగా చూస్తారని భయపడ్డాను. అప్పటికామె ఊపిరాడక పని మానేసి, వేటపాలెంలో కూతురి దగ్గర ఉంటోంది. ఒకరోజు ఫోన్ చేసింది. "మన గుడి కథ పుస్తకమైందంట గదా బాబూ?"

"అది వేరే కథ సువార్తమ్మా" అన్నాను.

కాసేపు దగ్గి, "అట్టాగా. ఇటొచ్చినప్పుడు అది కూడా చెప్పండి, విందాం" అంది. నేను వెళ్లలేదు. ఆ ఏడాదే ఆమె పోయింది.

ఇవాళ లారీ వెళ్లిపోయాక మళ్లీ బడిలోకి నడిచాను. హెడ్మాస్టరు గారిని బతిమాలి పిల్లల్ని కూర్చోబెట్టించి, ఉన్నదున్నట్టు చెప్పాను. ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అక్కణ్ణుంచి వేటపాలెం వెళ్లాను. సువార్తమ్మ కూతురు రూతు జీడిపప్పు యూనిట్‌లో పని ముగించుకొని అప్పుడే ఇంటికొచ్చింది. గుమ్మం ముందు నిలబడే అంతా చెప్పాను.

"తెలుసు సార్. పుస్తకం అప్పుడే చదివాను."

"మరి అమ్మకు?"

"వేరే కథేనని చెప్పాను. మీరిట్టాంటి మనిషని తెలుసుకొని పోవడమెందుకని."

కొత్త ముద్రణ సువార్తమ్మ పేరుతోనే వేయిస్తానని, ఆమె మాటలను నేను ఎక్కడెక్కడ మార్చానో చూపించమని అడిగాను. రూతు చాప పరిచి, పుస్తకం తీసుకొని చివరి పేజీలు తిప్పింది.

"ఈ యుద్ధం అమ్మ చెప్పలేదు సార్. సైన్యం రానే రాలేదు. వస్తుందేమోనని దాక్కొని దాక్కొనే వాళ్లంతా ముసలోళ్లయిపోయారు."

యుద్ధం ఉన్న పన్నెండు పేజీలూ అడ్డంగా కొట్టేసి, ఆ ఒక్క మాట రాశాను.